ఎడిసన్ మాటలాడు యంత్రము

బజారులోనికి క్రొత్త యంత్రమేదైన వచ్చినచో దానినిగూర్చి అభిప్రాయము చెప్పనివారు అరుదు. సెల్‌ఫోను చేతికి వచ్చిన ఈ కాలమున ఈ అలవాటు మఱింత పెరిగినదే కాని క్రొత్తగా పుట్టినది కాదు. ఒక యంత్రము దేనికి పనికివచ్చునో నిర్ణయింపవలసినవాడు దానిని చేసినవాడా, కొన్నవాడా అను తగవు చాల పాతది. ఆ తగవులో గెలుపును ఓటమిని రెండింటిని నిండుగా చవిచూచినవాడు థామస్ ఆల్వా ఎడిసన్. విద్యుద్దీపము మూలమున ఆయన పేరు బడిపిల్లలందఱికిని తెలియును. కాని తన సృష్టులలో ఆయనకు మిక్కిలి ప్రియమైనది విద్యుద్దీపము కాదు, ఫోనోగ్రాఫు.

ఎడిసన్ 1847 ఫిబ్రవరి 11న అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున మిలాన్ అను చిన్న ఊరిలో జన్మించెను. ఆయనకు ఏడేండ్లు వచ్చునప్పటికి కుటుంబము మిచిగన్ రాష్ట్రములోని పోర్ట్ హ్యూరన్ చేరెను. బడిచదువు కొన్ని మాసములతోనే ముగిసెను. పూర్వము ఉపాధ్యాయినిగా పనిచేసిన తల్లి నాన్సీ ఇంటియొద్దనే చదువు చెప్పెను. పండ్రెండవ యేట ఆ బాలుడు పోర్ట్ హ్యూరన్, డెట్రాయిట్ నగరముల నడుమ తిరుగు రైలులో పత్రికలు, మిఠాయిలు అమ్మ నారంభించెను.

1862 ఏప్రిల్‌లో షైలో యుద్ధవార్త డెట్రాయిట్ చేరెను. ఎడిసన్ తంతి గుమాస్తాను బతిమాలి ఆ వార్త సారాంశమును రైలు ఆగు స్టేషన్లకు ముందుగా పంపించి, అచటి బల్లలపై వ్రాయించెను. ప్రతిదినము కొను కొలది ప్రతులకు మాఱుగా వేయి ప్రతులు అరువు తెచ్చుకొని బండి యెక్కెను. స్టేషన్లలో గుమిగూడిన జనము ఎగబడి కొనిరి. బండి ముందునకు సాగినకొలదియు పత్రిక వెల పెరిగెను. జనము దేనికొఱకు వేచియున్నారో తెలిసికొనుటయే వ్యాపారమున సగము పని యని పదునైదేండ్ల ప్రాయముననే ఆయనకు బోధపడెను.

చిన్ననాడే ఆయన వినికిడి మందగించెను. అందులకు కారణమును ఆయనయే ఎన్నడును ఒక్క తీరున చెప్పలేదు. తరువాత తంతి గుమాస్తాయై ఊరూర తిరిగి, 1869లో తన మొదటి పేటెంటును సంపాదించెను. అది శాసనసభలలో ఓట్లు లెక్కించు యంత్రము. సభ్యుడు తన స్థానము విడువకయే మీట త్రిప్పినచో అనుకూలురెందఱో ప్రతికూలురెందఱో అధ్యక్షుని బల్లయొద్ద క్షణములో తేలును. దోషము లేని యంత్రమే. కాని వాషింగ్టన్ పెద్దలు దానిని వలదనిరి. ఒక్కొక్కని పేరు పిలిచి ఓటు వ్రాసికొను ఆలస్యమే వారికి కావలసినది. ఆ వ్యవధిలోనే గదా మంతనములు సాగుట, మనసులు మాఱుట! నేడు మన లోక్‌సభ సభ్యులు మీట నొక్కియే ఓటు వేయుచున్నారు. 1869లో మాత్రము ఆ యంత్రమును కోరినవాడు లేడు. ఎవరికిని అక్కఱలేని వస్తువును ఇక చేయనని ఇరువదిరెండేండ్ల ఎడిసన్ నిశ్చయించుకొనెను.

న్యూజెర్సీ రాష్ట్రములో మెన్లోపార్కు అను పల్లెయందు 1876లో ఆయన ప్రయోగశాల నెలకొల్పెను. మరుసటి యేడు తంతివార్తలను కాగితముపై చుక్కలుగా నొక్కి, మరల వేగముగా పంపు యంత్రముతో పనిచేయుచుండగా, ఆ కాగితము వడిగా కదలునపుడు మనుష్యుని మాటవంటి గుసగుస పుట్టుట గమనించెను. టెలిఫోనునందలి కంపించు పలుచని రేకును గూర్చి అప్పటికే ఆయన ఆలోచించుచుండెను. రెండును కలిసి ఒక ఊహ పుట్టెను. బొమ్మ గీచి జాన్ క్రూసీ అను పనివానికిచ్చెను. గాడి చెక్కిన ఇత్తడి స్థూపము, దానిపై చుట్టిన తగరపు రేకు, చేతితో త్రిప్పు పిడి, సూది తగిలించిన పలుచని రేకు: యంత్రమంతయు నింతే. స్థూపమును త్రిప్పుచు మాటలాడినచో సూది తగరముపై ఎత్తుపల్లములు నొక్కును. మరల మొదటినుండి త్రిప్పినచో ఆ ఎత్తుపల్లములే సూదిని కదపి మాటను మరల పలికించును. 1877 డిసెంబరులో ఎడిసన్ గొఱ్ఱెపిల్లనుగూర్చిన పిల్లల పాట నొకదానిని అందు పలికి, మరల త్రిప్పగా యంత్రము ఆ పాటను అప్పగించెను. అక్కడివారు నిర్ఘాంతపోయిరి.

ఆ మాసముననే న్యూయార్కులోని ఒక వైజ్ఞానిక పత్రిక కార్యాలయమున దీనిని ప్రదర్శించెను. 1878 ఫిబ్రవరి 19న పేటెంటు లభించెను. ఏప్రిల్‌లో అధ్యక్షుడు హేస్ తన భవనమునకు పిలిపించుకొని అర్ధరాత్రి దాటినవఱకు వినెను. నిద్రించుచున్న భార్యను సైతము లేపి వినిపించెను. పారిస్ వైజ్ఞానిక పరిషత్తులో ఒక వృద్ధ వైద్యుడు ఇది యంత్రము కాదు, పెదవి కదల్పక మాటలాడు గారడీ యని మండిపడెనందురు. మెన్లోపార్కునకు వచ్చిన ఒక మతాచార్యుడు బైబిలులోని నోరు తిరుగని పేర్లను వడివడిగా పలికి, యంత్రము వానిని తప్పక అప్పగించిన తరువాతనే నమ్మెనని కథ. ఎడిసన్‌కు మెన్లోపార్కు మాంత్రికుడను బిరుదు ఈ యంత్రము మూలముననే వచ్చెను. దానిని ప్రదర్శించుటకు ఏర్పడిన కంపెనీ ఆయనకు 10,000 డాలర్లును, లాభములలో నూటికి 20 వంతులును ఇచ్చుట కొప్పుకొనెను.

అయినను వింతకు ఆయువు తక్కువ. తగరపు రేకు కొలదిసార్లు త్రిప్పగనే అరిగి చినుగును. కంఠము స్పష్టముగా రాదు. ఒకమారు చూచినవాడు రెండవమారు డబ్బిచ్చి చూడలేదు. సంవత్సరము తిరుగకయే జనము దానిని మఱచిరి. 1878 జూన్‌లో ఎడిసన్ ఒక ప్రసిద్ధ పత్రికలో ఈ యంత్రము దేనికి పనికివచ్చునో పది విధములుగా వివరించెను. మొదటిది కార్యాలయములలో ఉత్తరములు చెప్పి వ్రాయించుట. అంధులకు చదివి వినిపించు పుస్తకములు, ఉచ్చారణ నేర్పుట, కుటుంబమువారి కంఠములను భద్రపఱచుట, వేళ చెప్పు గడియారములు, నశించు భాషలను నిలుపుట, ఉపాధ్యాయుని వ్యాఖ్యానమును విద్యార్థి మరల వినుట మున్నగునవి అందున్నవి. వీనిలో పెక్కులు నేడు నిజమైనవి. సంగీతమునకు మాత్రము ఆ పట్టికలో నాలుగవ స్థానమే దక్కెను! చెవి సరిగా వినబడని మనుష్యుని పట్టిక యది యని గుర్తుంచుకొన్నచో వింత కొంత తఱుగును.

తరువాత పదేండ్లు ఆయన విద్యుద్దీపమునకు అంకితమై ఫోనోగ్రాఫును పక్కకు పెట్టెను. ఆ నడుమ టెలిఫోను నిర్మాత గ్రాహంబెల్ ప్రయోగశాలలో ఆయన జ్ఞాతి చిచెస్టర్ బెల్, చార్లెస్ టెయింటర్ అనువారు తగరమునకు మాఱుగా మైనముపై చెక్కు పద్ధతిని కనిపెట్టి 1886లో పేటెంటు పొందిరి. కలిసి పనిచేయుదమని వారు కబురంపగా ఎడిసన్ కోపముతో త్రోసిపుచ్చెను. తన బిడ్డను పరులెత్తుకొనిపోయిరన్న బాధ యది. వెంటనే వెస్ట్ ఆరెంజ్‌లోని క్రొత్త ప్రయోగశాలలో పనికి కూర్చుండి, 1888 జూన్‌లో మూడు దినములు నిదుర లేక శ్రమించి మైనపు స్థూపముగల క్రొత్త ఫోనోగ్రాఫును సిద్ధపఱచెను.

జెస్సీ లిప్పిన్‌కాట్ అను ధనికుడు ఈ యంత్రములను ఏటికి 40 డాలర్ల అద్దెకు కార్యాలయముల కిచ్చు వ్యాపారము నారంభించెను. ఎడిసన్ కోరిక నెరవేరినట్లే యుండెను. కాని షార్టుహ్యాండు గుమాస్తాలు తమ కూటికి ఎసరు వచ్చినదని దానిని ద్వేషించిరి. యంత్రము తఱచు చెడుచుండెను. వాడుట కష్టమని యజమానులును త్రిప్పి పంపిరి. ఇట్లుండగా 1889 నవంబరు 23న శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక పానశాలలో లూయీ గ్లాస్ అను వ్యాపారి ఒక యంత్రము నుంచెను. 5 సెంట్ల నాణెము వేసి చెవిగొట్టము పెట్టుకొన్నవానికి అది ఒక పాట వినిపించును. ఆ ఒక్క పెట్టె ఆఱుమాసములు నిండకయే వేయి డాలర్లకు పైగా ఆర్జించెను. ఎడిసన్ సంతసింపలేదు సరికదా, తన గంభీరమైన యంత్రమును లోకము ఆటవస్తువుగా తలచునేమో యని చింతించెను. రైలు స్టేషన్లలో జనుల ముఖములు చూచి వెల పెంచిన బాలుడు ఈ మనుష్యుడేనా యని చదువరికి సందేహము కలుగక మానదు.

ఆటవస్తువనిన వెఱచిన ఆయనయే 1890లో మాటలాడు బొమ్మలను అమ్మించుట మఱియొక విడ్డూరము. అడుగున్నర దాటిన బొమ్మ. దాని పొట్టలో చిన్న ఫోనోగ్రాఫు. ప్రతులు తీయు పద్ధతి అప్పటికి లేనందున కర్మాగారములోని యువతులు ఒక్కొక్క బొమ్మకు వేఱువేఱుగా పాట పాడవలసి వచ్చెను. వెల 10 డాలర్లు మొదలుకొని యుండెను. పిల్ల చేతితో పిడిని సమవేగమున త్రిప్పుట ఎట్లు? సూది జారెను, మైనము పగిలెను, వినవచ్చిన కీచుగొంతునకు పిల్లలు జడిసిరి. కొలది వారములకే అమ్మకము ఆగెను. ఆ బొమ్మల కొఱకు 1888లో చేసిన ఒక లోహపు రికార్డు వంకరపోయి సూదికి లొంగకుండెను. 2011లో శాస్త్రజ్ఞులు కాంతితో దాని గాడిని చదివి ఆ పాటను మరల వినగలిగిరి.

1894లో లిప్పిన్‌కాట్ నెలకొల్పిన కంపెనీ దివాలా తీసెను. చివరకు ఎడిసన్ మెత్తబడి ఇంటింట సంగీతము వినిపించు యంత్రములే చేయనారంభించెను. 1898లో 20 డాలర్ల స్టాండర్డ్, 1899లో 7.50 డాలర్ల జెమ్ వెలువడెను. కీ ఇచ్చినచో స్ప్రింగుతో తిరుగు ఈ పెట్టెలు మధ్యతరగతి ఇండ్లలో చేరెను.

కాని అప్పటికే ఎమీల్ బెర్లినర్ 1887లో కనిపెట్టిన పళ్ళెపు రికార్డు, గ్రామఫోను, బజారులో నడచుచుండెను. స్థూపము మేలా పళ్ళెము మేలా? శాస్త్రదృష్టితో ఎడిసన్ వాదమున బలము కలదు. స్థూపముపై సూది మొదలు తుదల ఒకే వేగముతో పోవును. పళ్ళెముపై నడిమికి వచ్చినకొలది గాడి చిన్నదై వేగము తగ్గి ధ్వని చెడును. పైగా స్థూపయంత్రముపై ఇంటివారు తమ కంఠములనే ఎక్కించుకొనవచ్చును. అయినను గృహస్థు చూచినది వేఱు. పళ్ళెములను అచ్చుపోసినట్లు వేలకొలది తీయవచ్చును. పుస్తకములవలె బీరువాలో పేర్చుకొనవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా కరూసో వంటి మహాగాయకుల పాట పళ్ళెముపైననే దొరకును. మన దేశమునను గెలిచినది పళ్ళెమే. 1902లో కలకత్తాలో గౌహర్‌జాన్ పాడినది గ్రామఫోను కంపెనీ పళ్ళెములకే. తరువాత తెలుగు ఇండ్లలో నాటకపద్యములు మారుమ్రోగినవియు కుక్కబొమ్మ ప్లేట్లనుండియే కాని ఎడిసన్ స్థూపములనుండి కాదు.

1912లో ఎడిసన్ తానును పళ్ళెములు చేయక తప్పలేదు. పావు అంగుళము మందము, వజ్రపు సూది, నాడు సాటిలేని స్వచ్ఛమైన ధ్వని. కాని అవి ఇతరుల యంత్రములపై పలుకవు. ఇతరుల ప్లేట్లు ఆయన యంత్రముపై పలుకవు. గాడిలో సూది పక్కలకు గాక పైకి క్రిందికి కదలుటయే అందులకు కారణము. ఇంతకంటె పెద్ద చిక్కు ఆయన అభిరుచి. ఏ పాట ఎక్కవలెనో, ఎవరు పాడవలెనో ఆయనయే నిర్ణయించును. పెట్టె కఱ్ఱను పండ్లతో కఱచిపట్టి, ఎముకల గుండ వచ్చు కంపనముతో వినెడివాడు. కంఠములోని కంపితము ఆయనకు గిట్టదు. ఎంతటి గాయకుడైనను అది యుండిన పనికిరాడనును. గాయకుని పేరుకంటె ధ్వని గొప్పదను పట్టుదలతో 1915 వఱకు రికార్డులపై పేరు వేయుటకే ఇష్టపడలేదు. 1919లో తమ యొద్ద వాయించిన రష్యను విద్వాంసుడు రాక్‌మనినాఫ్‌ను ఆ సంస్థ నిలుపుకొనలేకపోయెను. మరుసటి యేడు ఆయన విక్టర్ కంపెనీకి తరలిపోయెను.

జనము ఏమనుకొనుచున్నారో తెలిసికొనవలెనను తలపు లేకపోలేదు. 1915 నుండి గాయనిని వేదికపై యంత్రము ప్రక్క నిలిపి, దీపములార్పి, పాడుచున్నది ఎవరో చెప్పుడని సభికులను పరీక్షించు సభలు జరిపించిరి. 1916లో న్యూయార్కు కార్నెగీ హాలులోను ఇట్టి సభ జరిగెను. సభికులు పోల్చలేకపోయిరని ప్రకటించిరి. తన గొంతును యంత్రపు గొంతునకు తగినట్లు తగ్గించి పాడితినని ఒక గాయని తరువాత ఒప్పుకొన్నది. 1921లో కంపెనీ పెక్కు నగరములలోని కొనుగోలుదారులకు ప్రశ్నపత్రములు పంపి, వారికి ప్రీతియైన పాటలేవో అడిగెను. రెండువేలకు పైబడిన ఆ జవాబులు మిచిగన్ విశ్వవిద్యాలయమున నేటికిని భద్రముగా నున్నవి. ధ్వని స్వచ్ఛతను మెచ్చుకొన్నవారు కలరు. కాని పెక్కురు వ్రాసినది ఇంటి ముచ్చట. గతించిన తల్లి పాడెడి పాట యని ఒకరు, పోయిన బిడ్డ కిష్టమైన పాట యని మఱియొకరు తాము కోరు పాటకు కారణము తెలిపిరి. యంత్రముయొక్క గుణమును గూర్చి అడిగినవారికి, మనుష్యులు తమ బ్రతుకును గూర్చి జవాబిచ్చిరి.

1920లో పిట్స్‌బర్గ్ నగరమున రేడియో ప్రసారములు మొదలై దేశమంతట ప్రాకెను. ఇది నాలుగునాళ్ళ మోజని ఎడిసన్ తలచెను. కుమారులు ఎంత చెప్పినను చెవిని పెట్టలేదు. వారి పట్టుపై చివరకు కంపెనీ రేడియోలు చేయబూనుసరికి కాలము మించిపోయెను. 1929 అక్టోబరులో సంగీతపు రికార్డుల తయారీ ఆగిపోయెను. 1931 అక్టోబరు 18న, ఎనుబదినాలుగవ యేట, ఎడిసన్ వెస్ట్ ఆరెంజ్‌లో కన్నుమూసెను. మొత్తముమీద ఆయన పేర అమెరికాలో 1,093 పేటెంటులు నమోదయ్యెను. సంగీత విభాగము మూతపడినను ఆయన కంపెనీలో ఫోనోగ్రాఫు పని పూర్తిగా ఆగలేదు. యజమాని చెప్పిన ఉత్తరమును మైనపు స్థూపముపై పట్టి గుమాస్తాకు వినిపించు ఎడిఫోను అను యంత్రము అటుపిమ్మట పెక్కేండ్లు కార్యాలయములలో అమ్ముడుపోవుచునే యుండెను. 1878 నాటి పట్టికలో ఆయన మొట్టమొదట వ్రాసిన ఉపయోగమదియే.