గ్రాంబ్లింగ్ ఎక్కడుంది?

పోయిన సెమిస్టర్ డీబీఎంఎస్ ల్యాబ్‌లో మినీ ప్రాజెక్ట్ కోసం నేనూ నా ఫ్రెండూ ఒక డేటాసెట్ తీసుకున్నాం. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌ల గెలుపోటముల లెక్క అది. ఆ ఆట గురించి మా ఇద్దరికీ ఏమీ తెలీదు, డేటా నీట్‌గా ఉందని తీసుకున్నామంతే. గెలుపుల ప్రకారం సార్ట్ చేశాక పైన ఒక వరుస దగ్గర ఆగిపోయాం. పేరు ఎడ్డీ రాబిన్సన్. మొదలు 1941, ముగింపు 1997. గెలుపులు 408, ఓటములు 165, డ్రాలు 15. కాలేజీ గడిలో ఒక్కటే పేరు, గ్రాంబ్లింగ్. ఒకే మనిషి ఒకే కాలేజీలో 56 ఏళ్ళా? టైపింగ్ తప్పేమో అనుకుని ఆ వరుసని డిలీట్ చెయ్యబోయాం. ఎందుకైనా మంచిదని వెతికి చూస్తే, తప్పు లేదు. ఆ రాత్రి ప్రాజెక్ట్ పక్కన పెట్టి ఆయన గురించే చదువుతూ కూర్చున్నా.

ముందుగా ఒక మాట. ఇది మనం చూసే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. టీమ్‌కి పదకొండు మంది. అందులో క్వార్టర్‌బ్యాక్ అనేవాడు ముఖ్యం. బంతి ముందు అతని చేతికే వస్తుంది, ఎవరికి విసరాలో క్షణాల్లో అతనే తేల్చుకోవాలి. ఈ క్వార్టర్‌బ్యాక్ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

రాబిన్సన్ 1919లో లూసియానా రాష్ట్రంలోని జాక్సన్ అనే ఊళ్ళో పుట్టారు. తండ్రి వేరేవాళ్ళ పొలంలో పాలుకి సేద్యం చేసేవాడు, తల్లి ఇళ్ళల్లో పని చేసేది. నల్లవాళ్ళకి వేరే బడి, వేరే సీటు, వేరే నీళ్ళ కుళాయి ఉన్న కాలం అది. చిన్న క్లాసులో ఉండగా ఒక హైస్కూల్ కోచ్ తన టీమ్‌ని వెంటబెట్టుకుని వాళ్ళ బడికి వచ్చాడు. పిల్లలు ఆ కోచ్‌ని గౌరవంగా చూసే తీరు చూసి, పెద్దయ్యాక తనూ కోచ్ అవ్వాలని అప్పుడే అనుకున్నారట. లీలాండ్ అనే చిన్న కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి డిగ్రీ పూర్తి చేశారు. కానీ డిగ్రీ చేతికొచ్చాక దొరికిన పని మాత్రం బాటన్ రూజ్ నగరంలో పశువుల దాణా మిల్లులో. గంటకి 25 సెంట్లు.

1941లో ఒక కబురు వచ్చింది. లూసియానా ఉత్తరాన ఉన్న ఒక పల్లెటూరి కాలేజీకి కోచ్ కావాలి. కాలేజీ పేరు లూసియానా నీగ్రో నార్మల్ అండ్ ఇండస్ట్రియల్ ఇన్‌స్టిట్యూట్. అది గ్రాంబ్లింగ్ కాలేజీగా మారింది 1946లో. ప్రెసిడెంట్ జోన్స్ 22 ఏళ్ళ రాబిన్సన్‌ని నెలకి 63 డాలర్ల 75 సెంట్ల జీతానికి తీసుకున్నారు.

కోచ్ అంటే విజిల్ వేసే పని ఒక్కటే కాదు అక్కడ. గ్రౌండ్‌లో గడ్డి కోసేది ఆయనే, గీతలు గీసేది ఆయనే. ఆటగాళ్ళ చీలమండలకి టేప్ చుట్టేది ఆయనే, బస్ నడిపేది కూడా ఆయనే. మ్యాచ్ అయ్యాక పేపర్‌కి వార్త రాసి పంపేదీ ఆయనే. దారిలో హోటళ్ళు నల్లవాళ్ళకి తిండి పెట్టేవి కావు కాబట్టి టీమ్ మొత్తానికి శాండ్‌విచ్‌లు కట్టుకుని బయల్దేరేవాళ్ళు. మొదటి ఏడాది 3 గెలుపులు, 5 ఓటములు. రెండో ఏడాది తొమ్మిదికి తొమ్మిదీ గెలిచారు, అదీ ఎదుటి టీమ్‌కి ఒక్క పాయింట్ కూడా ఇవ్వకుండా!

అయినా గ్రాంబ్లింగ్ ఎక్కడుందో బయట ఎవరికీ తెలీదు. ప్రొఫెషనల్ టీమ్‌ల వాళ్ళు ఆటగాళ్ళ కోసం అలాంటి కాలేజీల వైపు చూసేవాళ్ళే కాదు. ఇది చదువుతుంటే నాకు కొంచెం గుచ్చుకుంది. మొన్న ఒక ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో మన కాలేజీ పేరు చెప్పగానే, అదెక్కడుంది అని అడిగారు. చెప్పాను. ఆ తర్వాత పెద్దగా ప్రశ్నలేవీ రాలేదు. మనలో చాలామందికి ఇది తెలిసిన విషయమే.

1949లో రాబిన్సన్ శిష్యుడు ట్యాంక్ యంగర్‌ని లాస్ ఏంజిలస్ రామ్స్ టీమ్ తీసుకుంది. నల్లవాళ్ళ కాలేజీ నుంచి ఆ లీగ్‌లోకి వెళ్ళిన మొదటి ఆటగాడు అతనే. నువ్వు ఫెయిల్ అయితే నీ వెనకవాళ్ళకి తలుపు మూసుకుపోతుందని రాబిన్సన్ అతనికి గట్టిగా చెప్పి పంపారు. అతను నిలబడ్డాడు, తలుపు మూసుకోలేదు. ఆ తర్వాత గ్రాంబ్లింగ్ నుంచి 200 మందికి పైగా ప్రొఫెషనల్ ఆటకి వెళ్ళారు.

ఒక్క చోట మాత్రం తలుపు తెరుచుకోలేదు. అదే క్వార్టర్‌బ్యాక్. నల్లవాళ్ళు పరిగెత్తగలరు, ఢీకొనగలరు కానీ ఆలోచించి నడిపించే పని వాళ్ళ వల్ల కాదని లీగ్‌లో పాతుకుపోయిన నమ్మకం. కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడినవాడిని కూడా వేరే స్థానానికి మార్చేసేవాళ్ళు. రాబిన్సన్ జేమ్స్ హ్యారిస్ అనే కుర్రాణ్ణి ఈ స్థానం కోసమే తయారు చేశారు, ఎవరేమన్నా మారొద్దని చెప్పారు. 1969లో బఫెలో బిల్స్ తరఫున సీజన్ మొదటి మ్యాచ్‌లోనే హ్యారిస్ క్వార్టర్‌బ్యాక్‌గా దిగాడు. 1988 జనవరిలో ఇంకో శిష్యుడు డగ్ విలియమ్స్ వాషింగ్టన్ టీమ్‌ని సూపర్ బౌల్‌లో 42-10 తేడాతో గెలిపించాడు. క్వార్టర్‌బ్యాక్‌గా ఆ కప్పు గెలిచిన మొదటి నల్లజాతి ఆటగాడు అతనే.

ఆటొక్కటే కాదు. పొద్దున్నే హాస్టల్‌లో గంట మోగిస్తూ తిరిగి, ఆటగాళ్ళని లేపి క్లాసులకి తోలేవారు. ఆట అయిపోయాక చేతిలో డిగ్రీ ఉండాలన్నది ఆయన పట్టుదల.

1985 అక్టోబర్‌లో 324వ గెలుపుతో అలబామా యూనివర్సిటీ కోచ్ బేర్ బ్రయంట్ రికార్డుని దాటారు. ఇక్కడే నన్ను ఆలోచనలో పడేసిన విషయం ఒకటుంది. దక్షిణాదిలో పెద్ద యూనివర్సిటీలు నల్లవాళ్ళని టీమ్‌లోకి రానివ్వని రోజుల్లో మంచి ఆటగాళ్ళు గ్రాంబ్లింగ్ లాంటి చోట్లకే వచ్చేవాళ్ళు. బ్రయంట్ టీమ్‌లో మొదటి నల్లజాతి ఆటగాడు మ్యాచ్ ఆడింది 1971లో. తలుపులు తెరుచుకున్న కొద్దీ మంచి కుర్రాళ్ళు పెద్ద యూనివర్సిటీల బాట పట్టారు. అంటే ఆయన ఏది రావాలని జీవితమంతా కష్టపడ్డారో, అది వచ్చాక ఆయన టీమే పల్చబడింది. దాన్ని ఓటమి అనాలో గెలుపు అనాలో నాకు ఇప్పటికీ తెలీట్లేదు.

1960 నుంచి 1986 దాకా 27 ఏళ్ళు వరసగా ఓటముల కన్నా గెలుపులే ఎక్కువ ఉన్న మనిషి, చివరి మూడేళ్ళూ ఓటములే ఎక్కువ చూశారు. 1996లో ఆయన్ని తప్పించాలని ప్రయత్నం జరిగింది. జనం ఊరుకోలేదు, గవర్నర్ కూడా ఆయన వైపే మాట్లాడారు. ఇంకో ఏడాది ఇచ్చారు. 1997లో ఆఖరి మ్యాచ్ కూడా ఓడిపోయారు. ముందే వదిలేసుంటే బాగుండేదని నాకు అనిపించింది. కానీ గడ్డి కోయడంతో మొదలుపెట్టిన చోటిని వదలడం అంత తేలిక కాదేమో. ఆయన కుర్చీలోకి తర్వాత వచ్చింది డగ్ విలియమ్సే.

చివరి రోజుల్లో అల్జీమర్స్ వచ్చింది. అన్ని వందల మందిని గుర్తుపెట్టుకున్న మనిషికి ఆ జబ్బు. 2007 ఏప్రిల్ 3న, 88 ఏళ్ళ వయసులో పోయారు. ఆయన భౌతికకాయాన్ని బాటన్ రూజ్‌లో రాష్ట్ర క్యాపిటల్ భవనంలో జనం చూడ్డానికి ఉంచారు. గంటకి 25 సెంట్లకి దాణా మిల్లులో పని చేసిన అదే నగరంలో.

ప్రాజెక్ట్ వైవాలో మా మేడమ్ స్క్రీన్ మీద ఆ వరుస చూసి, గ్రాంబ్లింగ్ ఎక్కడుంది అని అడిగారు. ఈసారి ఆ ప్రశ్నకి నేను తడబడలేదు. ఐదు నిమిషాల వైవా ఇరవై నిమిషాలు పట్టింది.