అగ్నిమాపక దళానికి చదువు చెప్పిన బ్రెయిడ్‌వుడ్

మన బడి సైన్స్ ల్యాబ్ వరండాలో నాలుగు ఎర్ర బకెట్లు వేలాడుతుండేవి, గుర్తుందా? వాటిలో ఇసుక కన్నా పెన్సిల్ పొట్టు, వేరుశనగ తొక్కలే ఎక్కువ. ఒకసారి సైన్స్ మాస్టారు మా చేతే వాటిని కడిగించి, మళ్లీ ఇసుక పోయించారు. అప్పట్లో అది శిక్ష అనుకున్నాం.

ముప్పై ఏళ్లుగా భవన నిర్మాణంలో ఉన్న సివిల్ ఇంజనీరుని. స్వర్ణోత్సవ సంచికకు ఒక గొప్పవారి జీవితం రాయమన్నప్పుడు నాకు తట్టిన పేరు జేమ్స్ బ్రెయిడ్‌వుడ్. 1800లో స్కాట్లండ్‌లోని ఎడింబరోలో పుట్టారు. అక్కడి రాయల్ హైస్కూలు పూర్వ విద్యార్థి. తండ్రి చెక్క సామాన్లు తయారుచేయిస్తూ, ఇళ్లు కట్టించేవారు. కొడుకూ ఆ పనిలోనే చేరారు. దూలం ఎక్కడ ఆనుతుంది, గోడ ఎటు ఒరుగుతుంది అన్నది ఆయన అక్కడే నేర్చుకున్నారు.

ఆ రోజుల్లో ఏ బీమా కంపెనీ పంపులు దానివే, మనుషులూ దానివారే. 1824లో ఎడింబరో నగరం వాటన్నిటినీ కలిపి ఒకే దళం చేసి, 24 ఏళ్ల బ్రెయిడ్‌వుడ్‌కి అప్పగించింది. కొన్ని వారాలైనా గడవలేదు. నవంబరు 15 రాత్రి హైస్ట్రీట్ పక్క సందులో మంట లేచింది. ఎత్తైన పాత ఇళ్లు, ఇరుకు సందులు. రోజుల తరబడి ఆరలేదు. 13 మంది చనిపోయారు, 400 కుటుంబాలకు పైగా వీధిన పడ్డాయి. కుర్రాళ్లకు శిక్షణే పూర్తికాలేదు. పైగా మేజిస్ట్రేట్లు, బీమా వాళ్లు, ఊరి పెద్దలు అందరూ ఆజ్ఞలిచ్చేవాళ్లే. సైటులో ముగ్గురు బాసులుంటే ఏమవుతుందో మా వృత్తివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆ తర్వాతే, మంట దగ్గర దళాధిపతి మాటే చెల్లాలన్న ఏర్పాటు వచ్చింది.

ఆయన అసలు పని అప్పుడు మొదలైంది. దళంలోకి తాపీ పనివాళ్లను, వడ్రంగులను, పైకప్పు పలకలు వేసేవాళ్లను తీసుకున్నారు. ఇల్లు కట్టడం తెలిసినవాడికే అది ఎలా కూలుతుందో తెలుస్తుందని ఆయన లెక్క. తెల్లవారుజామున, చీకట్లోనే సాధన చేయించేవారు. అప్పటిదాకా పంపువాళ్లు వీధిలో నిలబడి కిటికీల్లోకి నీళ్లు చిమ్మేవారు. నీళ్లు గోడ మీద, మంట లోపల! బ్రెయిడ్‌వుడ్ మనుషులు నేలకు ఆనుకుని పాకుతూ లోపలికి వెళ్లి, మండుతున్న వస్తువు మీదే నీళ్లు కొట్టేవారు. పొగ పైకి లేస్తుంది కనుక పీల్చదగ్గ గాలి కింద మిగులుతుంది. ఇవన్నీ 1830లో పుస్తకంగా రాశారు.

1833లో లండన్ బీమా కంపెనీలు కలిసి 80 మందితో దళం పెట్టి, ఆయన్ని పిలిపించుకున్నాయి. అక్కడ నావికులను ఎక్కువగా చేర్చుకున్నారు. వాళ్లకు ఎత్తుకి ఎక్కడం, రాత్రీ పగలూ డ్యూటీ, చెప్పిన మాట వినడం అలవాటే. 1834 అక్టోబరు 16న పార్లమెంటు భవనం తగలబడింది. బీమా లేని భవనం, కాబట్టి నిజానికి ఆయన బాధ్యత కాదు. అయినా వెళ్లారు. వెస్ట్‌మినిస్టర్ హాలు దక్కింది.

ఆయన అన్నిటా సరైనవారని చెప్పను. ఆవిరి పంపు 1829లోనే తయారైనా, చాలా ఏళ్లు వద్దన్నారు. ధార బలంగా వస్తే మనుషులు మళ్లీ దూరం నుంచే కొడతారని భయం. చివరి ఏళ్లలో గానీ ఒప్పుకోలేదు. కానీ భవనాల విషయంలో చూపు తప్పలేదు. పోత ఇనుప స్తంభాలున్నంత మాత్రాన భవనం నిప్పుకి తట్టుకోదనీ, కాలిన ఇనుము మీద చన్నీళ్లు పడితే చిట్లుతుందనీ చెప్పారు. పెద్ద గోదాముల్ని ఒకదానితో ఒకటి కలిపేస్తే ఇక ఆర్పలేమని హెచ్చరిస్తూ వచ్చారు.

1861 జూన్ 22, శనివారం సాయంత్రం. టూలీ స్ట్రీట్‌లో, థేమ్స్ ఒడ్డున గోదాములు అంటుకున్నాయి. జనపనార, పత్తి, పశువుల కొవ్వు, పంచదార. మంటను ఆపడానికి పెట్టిన ఇనుప తలుపులు తెరిచే ఉన్నాయి. నదికి పోటు లేక నీళ్లూ సరిగా అందలేదు. అలసిపోయిన తన మనుషులకు కాస్త బ్రాందీ పోయిస్తూ తిరుగుతున్న బ్రెయిడ్‌వుడ్ మీద గోడ కూలింది. పక్కన ఉన్న ఫైర్‌మన్ కూడా పోయాడు. ఆయన్ని బయటికి తీయడానికి రెండు రోజులు పట్టింది. మంట రెండు వారాలు రగిలింది. అంత్యక్రియల ఊరేగింపు మైలున్నర పొడవుందట. నష్టం చూసి బెంబేలెత్తిన బీమా కంపెనీలు ఈ భారం ఇక మావల్ల కాదన్నాయి. 1865లో చట్టం వచ్చి, లండన్‌కి ప్రభుత్వ దళం ఏర్పడింది.

తెరిచి ఉన్న తలుపు దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఇరవై ఏళ్ల కిందట ఒక భవనం అప్పగించే రోజు, మెట్ల దగ్గరి ఫైర్ డోర్‌ని ఎవరో తాడుతో కట్టి తెరిచి ఉంచారు. చూశాను. చూసీ సంతకం పెట్టాను. ఏడాదిలో కింది అంతస్తులో చిన్న మంట. పొగ ఆ దారినే పైకెక్కి, రాత్రి వాచ్‌మన్ పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. బతికాడు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

మన సంఘం చందాలతో బడిలో కట్టబోయే హాలు డ్రాయింగులు కమిటీవారు నాకు పంపారు. వెనక ద్వారానికి గ్రిల్, తాళం చూపించారు. దొంగల భయం నాకూ తెలుసు. అయినా ఆ గ్రిల్ కొట్టేసి, లోపలి నుంచి తోస్తే బయటికి తెరుచుకునే తలుపు గీసి తిప్పి పంపాను. దాని ఖర్చు తేడా నా చందాలో కలిపేయమని కూడా రాశాను.