ద్వీపాంతరాలలో విశ్వకవి

మదనపల్లె పేరు చెప్పగానే విశ్వకవి రవీంద్రనాథ్ టాగోర్ స్మరణకు రావడం మన ప్రాంతంలో పరిపాటి. 1919 ఫిబ్రవరి చివరి దినాలలో, దక్షిణదేశ యాత్ర చేస్తూ అలసిన ఆ మహనీయుడు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు విచ్చేశారు. ఐర్లండు దేశీయుడైన కవి జేమ్స్ కజిన్స్ ఆ కళాశాలకు అప్పుడు ప్రధానాచార్యులు. అక్కడే రవీంద్రులు తమ జనగణమన గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించారు. ఆ ప్రతిపై ఫిబ్రవరి 28వ తేదీ ఉన్నది. కజిన్స్ సతీమణి మార్గరెట్ ఆ గీతపు బాణీని స్వరబద్ధం చేయడంలో తోడ్పడ్డారు. ఈ వృత్తాంతం మనకు సుపరిచితమే.

కాని ఆ తర్వాత ఎనిమిదేండ్లకు, అరవై ఆరేండ్ల వయస్సులో, ఆయన చేసిన మరొక యాత్రను గురించి మన విద్యార్థులలో తెలిసినవారు తక్కువ. అది బాలి, జావా ద్వీపాల యాత్ర. ఆ ద్వీపాల జనజీవితంపై ఆయనకు కలిగిన మమకారం ఆయన శేషజీవితాన్ని అంటిపెట్టుకొని ఉండిపోయింది. ఉర్దూ, తెలుగు ఒకే కప్పు క్రింద చదువుకొనే మన కళాశాలకు ఆ కథతో దగ్గరి సంబంధం ఉన్నదని నా విశ్వాసం.

రవీంద్రులు 1861 మే 7వ తేదీన కలకత్తాలోని జొరసంకో భవనంలో జన్మించారు. తండ్రి దేవేంద్రనాథులు బ్రహ్మసమాజ నాయకులు. ఆయన ఉపనిషత్తులను ఎంత భక్తితో పఠించేవారో, పారశీక కవి హాఫిజ్ గజళ్ళను అంత ప్రేమతో వల్లించేవారు. ఇంట్లో సంపదకు కొరత లేకున్నా పిల్లలు సేవకుల అజమాయిషీలో పెరిగారు. శ్యామ్ అనే సేవకుడు బాలుణ్ణి ఒకచోట కూర్చుండబెట్టి, చుట్టూ సుద్దతో గీత గీసి, దాటితే ఆపద తప్పదని బెదిరించి వెళ్ళేవాడు. రామాయణంలో గీత దాటిన సీతకు కలిగిన కష్టాన్ని విని ఉన్న ఆ పసివాడు అక్కడి నుండి కదిలేవాడు కాడు. కిటికీ క్రింద మెట్లు గల కొలను, తూర్పున పెద్ద మర్రిచెట్టు, దక్షిణాన కొబ్బరిచెట్ల వరుస. గంటల తరబడి వాటిని చూస్తూ కూర్చోవడమే ఆ బాలుని కాలక్షేపం. పెద్దవాడైన పిమ్మట భూగోళమంతా తిరిగిన యాత్రికుని బాల్యం ఈ విధంగా ఒక గీత లోపల గడిచింది.

తరువాతి జీవితం లోకవిదితం. యౌవనంలో పద్మానదిపై పడవ ఇంట్లో నివసిస్తూ జమీందారీ చూచుకొన్నారు. అక్కడ హిందూ ముస్లిం రైతుల కష్టసుఖాలు కన్నులారా చూచి కథలు వ్రాశారు. 1901లో శాంతినికేతనంలో పాఠశాల నెలకొల్పారు. 1913లో గీతాంజలికి నోబెల్ బహుమతి లభించింది. 1919లో, మదనపల్లె విడిచిన కొన్ని వారాలకే, జలియన్‌వాలాబాగ్ దురంతం జరుగగా ప్రభుత్వమిచ్చిన సర్ బిరుదును త్యజించారు. 1921లో విశ్వభారతిని స్థాపించి, ప్రపంచపు విద్యలన్నీ ఒక గూటిలో కలుసుకోవాలని ఆశించారు.

ఆ ఆశయమే ఆయనను తూర్పు సముద్రానికి తీసుకొని వెళ్ళింది. పూర్వకాలంలో భారతదేశపు కథలు, శిల్పం, ధర్మచింతన సముద్రం దాటి ఏ రూపం తాల్చినవో చూడవలెనని ఆయన కోరిక. 1927 జూలైలో మద్రాసు రేవులో ఓడ ఎక్కారు. భాషాశాస్త్రవేత్త సునీతికుమార్ చటర్జీ, చిత్రకారులు సురేంద్రనాథ్ కర్, ధీరేంద్రకృష్ణ దేవవర్మ వెంట వెళ్ళారు. సింగపూరు, మలక్కా, కౌలాలంపూరు మొదలైన నగరాలలో ఉపన్యాసాలు ముగించుకొని, ఆనాడు డచ్చివారి పాలనలో ఉన్న జావాకు చేరారు. అక్కడి నుండి ఆగస్టు చివర బాలి ద్వీపపు ఉత్తర తీరంలో దిగారు. జావాలోని డచ్చి పండితులు కొందరు ఆయనకు దారి చూపారు.

బాలిలో ఆయన గడిపింది సుమారు రెండు వారాలే. కాని కవికి ఆ రెండు వారాలు చాలినవి. ఎటు చూచినా పచ్చదనం. కొండవాలు మీద మెట్లుమెట్లుగా దిగివచ్చే వరిమళ్ళు, వాటి నడుమ కొబ్బరితోపులు, ఇంటింటికి చిన్న దేవళం. అక్కడి రైతులు సుబక్ అనే సంఘాలుగా ఏర్పడి, నీటి గుడుల చుట్టూ వ్యవస్థను అల్లుకొని, పై మడి నుండి క్రింది మడికి నీటిని వంతులవారీగా పంచుకొంటారు. మన చెరువుల క్రింద నీరుగంటి చేసే పంపకం ఎరిగినవారికి ఆ ఏర్పాటులోని నేర్పు సులభంగా అర్థమవుతుంది. ఒక్క తేడా ఉన్నది. కురబలకోట చుట్టుప్రక్కల మెట్టపొలాల రైతు మబ్బు కోసం ఆకాశం వంక చూస్తాడు. బాలి రైతుకు ఏటి నీరు పుష్కలం.

బాంగ్లీ అనే చోట రాజకుటుంబపు అపరకర్మల ఉత్సవం జరుగుతుండగా రవీంద్రులు అక్కడికి వెళ్ళారు. మృతుల కొరకు చేసే కర్మ అక్కడ శోకసభ కాదు. తలలపై నైవేద్యపు బుట్టలు మోస్తూ బారులు తీరి నడిచే స్త్రీలు, కంచు వాద్యాల గామెలాన్ మేళం, రంగురంగుల వస్త్రాలు, నృత్యం. ఊరంతా కలసి అందాన్ని సృష్టిస్తున్నది. కళ అనేది కళాకారుల సొత్తు కాక, నిత్యజీవితంలో భాగమై ఉండడం ఆయనను ముగ్ధుణ్ణి చేసింది. ఈ ప్రజలు తమ కథలను, భక్తిని, సంతోషాన్ని అన్నింటినీ నృత్యంలోనే వెల్లడిస్తారని ఆయన గ్రహించారు.

ఆ యాత్రలో ఒక ఘట్టం మరపురానిది. కారంగాసెం ప్రభువు తన మోటారుకారులో కవిని వెంటబెట్టుకొని వెళ్ళారు. ఒకరి భాష మరొకరికి రాదు. చాలాసేపు మౌనంగా ప్రయాణం సాగింది. ఒక మలుపులో కొండల నడుమ సముద్రం కనిపించగానే ఆ ప్రభువు వ్రేలు చూపి, సముద్రం అనే సంస్కృత పదం పలికారు. అతిథికి అర్థమైనదని తెలిసి ఉప్పొంగిపోయి సాగరం మొదలైన పర్యాయపదాలు వరుసగా చెప్పారు. పిమ్మట సప్తసముద్రాలు, సప్తపర్వతాలు ప్రస్తావించారు. కొండ కనిపిస్తే హిమాలయ వింధ్యాది పర్వతాల పేర్లు, ఒక చిన్న ఏరు కనిపిస్తే గంగా యమునలు, గోదావరి, కావేరి. ఆ నదులలో దేనినీ ఆయన చూచి ఎరుగరు. వంగదేశపు కవికి, బాలి ప్రభువుకు మధ్య వంతెన కట్టినవి ఈ నాలుగు మాటలు. ఎటు చూచినా భారతదేశం ఉన్నది, అయినా అది తాను ఎరిగిన భారతదేశం కాదు అనే విస్మయం కవిని ఆవరించింది.

ప్రేమ ఆయన కన్నులు మూయలేదు. ఆ ద్వీపం డచ్చివారి అధీనంలో ఉన్నది. 1906లో బదుంగ్ రాజపరివారం, 1908లో క్లుంగ్‌కుంగ్ రాజపరివారం లొంగుబాటుకు సమ్మతింపక, స్త్రీలు, పిల్లలతో సహా డచ్చి తుపాకుల కెదురు నడిచి ప్రాణాలు విడిచాయి. రవీంద్రులు వెళ్ళేనాటికి ఆ నెత్తురు ఆరి సుమారు ఇరవై ఏండ్లే అయినది. అప్పటికే పాశ్చాత్య యాత్రికులు బాలిని భూతలస్వర్గంగా వర్ణిస్తూ ఓడలలో దిగుతున్నారు. రెండు వారాల అతిథికి పండుగ కనిపిస్తుంది, పన్ను కనిపించదు. బానిసదేశంలో పుట్టిన కవికి ఈ సంగతి ఒకరు చెప్పనవసరం లేదు.

బాలి నుండి ఆయన తిరిగి జావాకు వచ్చారు. ఇక్కడి నుండి కథ మనకు మరింత సన్నిహితమవుతుంది. బాలి ప్రజలు హిందూ ధర్మావలంబులు. జావా ప్రజలలో అత్యధికులు ముస్లిములు. పదిహేను, పదహారు శతాబ్దాలలో అక్కడ ఇస్లాం వ్యాపించింది. సురకర్తాలో మంకునెగర ప్రభువు ఏడవవారు రవీంద్రులకు ఆతిథ్యమిచ్చారు. ఆయన ముస్లిం. ఆయన కొలువులోని నృత్యాలకు ఇతివృత్తం మహాభారతం. రాకుమారులే అర్జునాది పాత్రలు ధరించి నర్తించడం ఆ రాజాస్థానాలలో మర్యాద. రాత్రివేళ తెర వెనుక దీపం పెట్టి, తోలుబొమ్మల నీడలతో పాండవ కథను తెల్లవార్లూ ఆడించే వయాంగ్ ప్రదర్శనలు రవీంద్రులు చూచారు. యోగ్యకర్తాలో కి హజర్ దేవాంతర 1922లో స్థాపించిన తమన్ సిస్వా జాతీయ విద్యాలయాన్ని దర్శించి, అందులో తన శాంతినికేతనానికి తోబుట్టువును చూచారు. బోరోబుదూర్ బౌద్ధస్తూపం చెంత నిలిచి ఒక కవిత వ్రాశారు.

జావాలో తొమ్మండుగురు వలీలు ఇస్లాంను ప్రచారం చేసినట్లు ప్రసిద్ధి. వారిలో సునన్ కలిజగ అనే మహాత్ముడు ఈ తోలుబొమ్మలాట ద్వారానే ప్రజలకు ధర్మబోధ చేశాడని ఐతిహ్యం. వయాంగ్ కథలలో ధర్మరాజు వద్ద కలిమసద అనే దివ్యమైన రక్షాపత్రం ఉంటుంది. ఆ పేరు మన కలిమా షహాదత్ అనే మాటేనని జావా ముస్లిములు వ్యాఖ్యానం చెప్పుకొన్నారు. పాండవాగ్రజుని చేతిలో కలిమా! విన్నవారికి మొదట ఆశ్చర్యం కలుగవచ్చు. ఆలోచించినకొద్దీ, తాము ప్రేమించిన కథను, తాము నమ్మిన విశ్వాసాన్ని రెండింటినీ వదలుకోలేని ఒక జాతి హృదయం అందులో కనిపిస్తుంది.

మన జిల్లాల వారికి ఈ దృశ్యం కొత్తది కాదు. చిత్తూరు సీమలో ధర్మరాజుల గుళ్ళు ఎన్నో ఉన్నవి. వేసవి వచ్చిందంటే పగలు భారత హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కే నాడు, మట్టితో చేసిన దుర్యోధనుని కూల్చే నాడు పల్లెలన్నీ అక్కడే ఉంటాయి. ఆ జనంలో ఎవరు ఏ మతం వారని లెక్క పెట్టేవారుండరు. తోలుబొమ్మలాట రాయలసీమ సొత్తు. తెలుగు పాఠం చెప్పే నన్ను, ముస్లిం అయి ఉండి నన్నయ తిక్కనలను బోధించడమేమని అడిగేవారు ఇరువైపులా ఉన్నారు. అడిగేవారిలో దురుద్దేశం లేదు, కేవలం కుతూహలమే. అయినా ఆ ప్రశ్న ఎదురైన ప్రతిసారి నాకు మంకునెగర కొలువు జ్ఞాపకం వస్తుంది. నమాజు చేసి వచ్చి భారతకథ చూచే జావా రైతును ఈ ప్రశ్న అడిగితే, అందులో అడగవలసిన దేమున్నదో అతనికి తెలియక తెల్లబోతాడు.

సయాం మీదుగా రవీంద్రులు ఆ సంవత్సరమే స్వదేశానికి చేరారు. మార్గమధ్యంలో వ్రాసిన లేఖలు 1929లో గ్రంథరూపం దాల్చాయి. సాగర మధ్యంలోని ద్వీపాన్ని కన్యగా భావించి సాగరిక అనే కవిత వ్రాశారు. సునీతికుమార్ చటర్జీ ఆ యాత్రను సవిస్తరంగా గ్రంథస్థం చేశారు. జావా బాతిక్ అద్దకం శాంతినికేతన కళాభవనంలో వేళ్ళూనుకోవడానికి, చిత్రాంగద మొదలైన నృత్యనాటకాలు రూపొందడానికి ఈ యాత్ర ఎంతో తోడ్పడింది. 1939లో తన శిష్యుడు శాంతిదేవ్ ఘోష్‌ను ఆ ద్వీపాల నృత్యాలు నేర్చి రమ్మని పంపారు. పన్నెండేండ్లు గడచినా ఆ మమకారం తగ్గలేదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

విశ్వభారతిలో ఇస్లామీయ విద్యల బోధనకై హైదరాబాదు నిజాం ప్రభువు లక్ష రూపాయల విరాళమిచ్చింది కూడ ఆ రోజులలోనే. ఆ పీఠంలో హంగరీ పండితుడు జూలియస్ గెర్మానుస్ 1929 నుండి కొంతకాలం ఆచార్యులుగా పనిచేశారు. 1932లో రవీంద్రులు ఇరాన్ వెళ్ళి, తన తండ్రి జీవితాంతం ప్రేమించిన హాఫిజ్ సమాధిని షీరాజ్ నగరంలో దర్శించారు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఆ ద్వీపాలను బృహద్భారతంలో భాగంగా, భారతీయులు నాగరికత నేర్పిన వలసలుగా భావించడం ఆనాటి పండితులలో పరిపాటి. 1926లో కలకత్తాలో ఆ పేరుతో ఒక సంఘం కూడ వెలసింది. రవీంద్రులు కూడ కొంతవరకు ఆ భావనతోనే బయలుదేరారు. ద్వీపవాసులు తమకు కావలసినది తాము ఎంచుకొని తమదిగా మలచుకొన్నారని తరువాతి చరిత్రకారులు నిరూపించారు. అయితే కవి ఆ మలచుకొన్న తీరునే ప్రేమించారు. తన ఇంటి కథ పరాయి ఇంట పెరిగి పెద్దదై, వేరొక ముఖంతో ఎదురువస్తే, అది తనదేనని పట్టుబట్టక చేతులెత్తి నమస్కరించారు.

1941 ఆగస్టు 7వ తేదీన రవీంద్రులు తాము పుట్టిన జొరసంకో భవనంలోనే కన్నుమూశారు. నాలుగేండ్లకు, 1945లో ఇండోనేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకొన్నది. ఆ దేశపు ప్రథమాధ్యక్షుడు సుకర్నో ముస్లిం. ఆయనకు తండ్రి పెట్టిన పేరు భారతంలోని కర్ణునిది.

విద్యార్థి మిత్రులారా! కురబలకోట స్టేషనులో రైలెక్కితే సముద్రం చాలా దూరం. మీలో కొందరు రేపు ఉద్యోగాల కొరకు గల్ఫ్ దేశాలకో, మలేషియాకో వెళ్ళవచ్చు. మరికొందరు ఈ ఊరు దాటకపోవచ్చు. ఎక్కడ ఉన్నా, ప్రక్కవాని భాషలో నాలుగు మాటలు నేర్చుకొనండి. ఉర్దూ విద్యార్థి వేమనను, తెలుగు విద్యార్థి గాలిబును మన గ్రంథాలయంలో అడిగి తీసుకొని చదవండి. ఆ రెండు బీరువాల నడుమ ఉన్నది నాలుగడుగుల దూరమే.