నీళ్లు తెచ్చిన సైనికుడు

ధ్యాన భాగము: 2 సమూయేలు 23:13–17



దావీదు అదుల్లాము గుహలో నున్నప్పుడు బేత్లెహేము బావి నీళ్లమీద ఆశపడెను. అది విన్న ముగ్గురు యోధులు ఫిలిష్తీయుల దండులోనికి చొరబడి, ఊరి గవిని దగ్గరి బావిలో నీళ్లు చేది తెచ్చిరి. అయితే దావీదు ఆ నీళ్లు త్రాగలేదు. ప్రాణమునకు తెగించి పోయిన మనుష్యుల రక్తముగా వాటిని ఎంచి, యెహోవా సన్నిధిని పారబోసెను. ఆ ముగ్గురికి ఆ దినమున బిరుదులిచ్చినట్లు గాని విందు చేసినట్లు గాని అక్కడ వ్రాయబడలేదు. వారి కష్టమును ఊరక మ్రింగివేయలేదు, అంతే.

ఈ నెల మేము నీళ్లు తెచ్చిన మరియొక సైనికుని జీవితము చెప్పగోరుచున్నాము. ఆయన ఆర్థర్ కాటన్ దొర. ఆయన ఆనకట్ట మనకు దూరమే గాని, ఆ నది మనదే. బాసర, ధర్మపురి, మంథని, కాళేశ్వరము ఒడ్డులను తాకిన నీళ్లే ధవళేశ్వరము చేరుచున్నవి.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండు దేశములో జన్మించెను. పదునొకండుగురు కుమారులలో పదవవాడు. చిన్న వయస్సుననే మద్రాసు సైన్యపు ఇంజనీర్ల దళములో చేరి, 1821లో ఈ దేశము వచ్చెను. 1824 మొదలు జరిగిన బర్మా యుద్ధములో పోరాడెను. యుద్ధము ముగిసిన తరువాత తంజావూరు ప్రాంతమునకు పోయి, కావేరి, కొల్లడము నీటి పనులను పట్టుకొనెను. అక్కడ వందల యేండ్లనాటి కల్లణై కట్టను చూచెను. రాతి పునాది లేని ఇసుకమీద కట్ట ఎట్లు నిలుచునో ఆయనకు నేర్పినది ఆ కట్టయే. ఆ విద్య పేరు తెలియని పూర్వపు పనివారియొద్ద తాము నేర్చుకొన్నదని ఆయన దాచక వ్రాసెను. పెద్ద ఉద్యోగస్థులు కూలివాని తెలివిని ఒప్పుకొనుట అరుదు గనుక, మేము ఈ సంగతిని ఆయన కట్టిన కట్టలకంటె తక్కువగా ఎంచము.

గోదావరి తీరమున అప్పటి స్థితి ఘోరమైనది. నది నిండుగా సముద్రమునకు పోవుచుండెను. ఒడ్డునున్న జనము ఆకలికి చచ్చుచుండిరి. 1833 నాటి కరవు సంగతి నేటికిని ముసలివారి నోట వినబడుచున్నది. 1821లో ఏడు లక్షలకు పైబడిన రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య, 1841 నాటికి సుమారు అయిదు లక్షల అరువది వేలకు దిగిపోయెను. కాటన్ ఆ భూమిని తిరిగి చూచి, ఆనకట్ట కావలెనని 1844లో పైవారికి వ్రాసెను. కంపెనీవారు కరుణకంటె పన్నుల రాబడినే ఎక్కువగా చూచిరని మా తలంపు. ఏమైనను సెలవు దొరికెను.

1847లో పని మొదలాయెను. నది అక్కడ నాలుగు మైళ్ల వెడల్పు. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు చోట్ల, లంకలను ఆధారము చేసికొని కట్టలు వేయవలసి వచ్చెను. ఇసుకలో బావులు దింపి, వాటిపై కట్టడము లేపి, దిగువను వదులు రాళ్లు పరచిరి. పది వేలమంది కూలీలు ఎండలో పాటుపడిరి. వారిని కూడగట్టి, నిలిపి, పని నడిపించినవాడు వీణెం వీరన్న అను తెలుగువాడు. కాటన్ ఆయన సేవను మరువక పై అధికారులకు తెలియజేసెను. వీరన్నకు రాయ్ బహదూర్ బిరుదు వచ్చెను. 1848లో కాటన్ ఆరోగ్యము చెడి ఆస్ట్రేలియాకు పోవలసి వచ్చినప్పుడు కెప్టెన్ ఓర్ పని సాగించెను. కాటన్ 1850లో తిరిగి వచ్చెను. 1852లో ఆనకట్ట ముగిసెను. ఆ పది వేలమందిలో ఒక్క కూలివాని పేరైనను మనలో నెవరికి తెలియదు.

నదిమీద ఎగువకు పడవలు నడపవలెననియు కాటన్ ఎంతో ఆశించెను. ఆ పని హేగ్ అను ఇంజనీరు చేతిలో దుమ్ముగూడెము వద్ద సాగెను. అక్కడి కోయవారి మధ్య సువార్త పని ఆరంభమగుటకు ఆ హేగే కారకుడు. పడవల దారికి రెండవ అడ్డు మన మహదేవపూర్ ప్రాంతపు ఇంచంపల్లి దగ్గర నుండెను. 1871లో ప్రభుత్వము ఆ పని ఆపివేసెను.

కాటన్‌కు 1861లో సర్ బిరుదు వచ్చెను. అయినను 1878లో, డెబ్బదియైదేండ్ల ముసలి సైనికుని ఇంగ్లండు పార్లమెంటు సభవారు కూర్చుండబెట్టి, నీటి పనుల ఖర్చునుగూర్చి ముద్దాయిని అడిగినట్లు ప్రశ్నలడిగిరి. రైల్వేలమీద మోజు గలవారికి ఆయన కాలువలు రుచింపలేదు. ఆయన మాత్రము మాట మార్చలేదు. తరువాత డార్కింగు అను ఊరిలో తన తోట లోతుగా త్రవ్వించి, గోధుమలు వేసి, చిన్న మడిలో ఎక్కువ పంట ఎట్లు పండునో పరీక్షించుచుండెను. 1899 జూలై 24న, తొంబదియారేండ్ల వయస్సున మరణించెను.

ఏలినవారు చేయని మర్యాద గోదావరి రైతులు చేసిరి. నేటికిని డెల్టా ఊళ్లలో ఆయన విగ్రహములున్నవి. 1970–1982 మధ్య కట్టిన క్రొత్త బ్యారేజికి ఆయన పేరే పెట్టిరి. దానిక్రింద సుమారు పది లక్షల ఎకరములు పారుచున్నవి. కొందరు నదిలో స్నానము చేయునప్పుడు ఆయనను తలంచుకొందురు. మనము మనుష్యుని పూజింపము. అది వేరు సంగతి. కాని పదిమంది కుష్ఠరోగులలో తిరిగి వచ్చినవాడు సమరయుడే గదా. ఆ రైతులను చూచి మేము సిగ్గుపడుచున్నాము. మన ఊళ్లలో పట్టాళమునుండి తిరిగి వచ్చినవారు లేరా? పింఛను కొరకు బ్యాంకు మెట్లమీద కూర్చున్న అట్టివానికి మనలో నెవరైన తోడు పోయిరా? అర్ధరాత్రి కాన్పునకు వచ్చిన నర్సమ్మకు, వానలో కంబమెక్కిన కరెంటు లైన్‌మన్‌కు, తెల్లవారకముందే మోరీలు తీయువారికి చెంబెడు మజ్జిగ ఇచ్చుటకు పండుగ రానక్కరలేదు. మోరీలు తీయువారికి ఇచ్చునప్పుడు వేరు గ్లాసు తీయు ఇండ్లు క్రైస్తవులలోను ఉన్నవని మేమెరుగుదుము. దావీదు నీళ్ల కథ ఆ ఇండ్లలో చదువుట కష్టము.

పోచంపాడు నుండి కాకతీయ కాలువ వచ్చినప్పటినుండి మన పొలములకును గోదావరి నీళ్లే. కాలువమీద రాత్రులు తిరుగు లస్కరును, చెరువు తూము కాడ నిలుచు నీరడిని మనము తలంచునది మన మడికి నీరందని దినమున, అదియు తిట్టుటకే. ఈ సంవత్సరము కోత పండుగనాడు వారిద్దరిని, మన సంఘపు మాజీ సైనికుని, ముందు వరుసలో కూర్చుండబెట్టి భోజనము పెట్టుటకు పెద్దలు తీర్మానించిరి. వడ్డించుట యౌవనస్థుల వంతు. గ్లాసులు అందరికి ఒక్కటే.