త్రాసులో తూగిన యుద్ధనౌక : అడ్మిరల్ ఫిషర్ జీవితం

మా కళాశాలలో ఉర్దూ విద్యార్థులు తరాజు అంటారు, తెలుగు విద్యార్థులు త్రాసు అంటారు. మాట ఏదైనా న్యాయం ఒక్కటే. ఒక పళ్ళెంలో బరువు పెరిగితే రెండవ పళ్ళెం తేలిపోక తప్పదు. ఈ చిన్న న్యాయంతో జీవితమంతా పెనుగులాడి, దాని లాభాన్నీ నష్టాన్నీ కూడా బ్రతికి ఉండగానే చూసిన ఒక నావికుని చరిత్రను పాఠకుల ముందు ఉంచదలచాము. ఆయన పేరు జాన్ ఆర్బుత్‌నాట్ ఫిషర్. 1906లో నీటిపైకి వచ్చి, అంతవరకు ప్రపంచంలో ఉన్న యుద్ధనౌకలన్నిటినీ పాతవిగా మార్చివేసిన డ్రెడ్‌నాట్ అనే నౌకకు ఆయనే మూలపురుషుడు. ఆ పేరుకు భయమెరుగనిది అని అర్థం.

ఫిషర్ 1841 జనవరి 25న సింహళద్వీపంలోని రంబొడ అనే కొండప్రాంతంలో జన్మించాడు. తండ్రి విలియం ఫిషర్ సైన్యంలో కెప్టెన్‌గా పనిచేసి, తరువాత కాఫీ తోటల సాగులో దిగి ఇబ్బందుల పాలైనవాడు. పదకొండుగురు సంతానంలో జాన్ పెద్దవాడు. ఆరేళ్ళ ప్రాయంలో అతనిని లండనులో ఉన్న మాతామహుని ఇంటికి పంపివేశారు. తండ్రిని మళ్ళీ చూసే భాగ్యం ఆ బాలునికి కలుగలేదు. సంపద లేదు, చెప్పుకోదగిన వంశప్రతిష్ఠ లేదు. నెల్సన్ కింద పనిచేసిన కెప్టెన్లలో చివరివాడైన అడ్మిరల్ విలియం పార్కర్ సిఫారసుతో, 1854లో, పదమూడవ ఏట, ఫిషర్ బ్రిటిష్ నౌకాదళంలో చేరాడు. అతడు మొదట అడుగు పెట్టినది నెల్సన్ ప్రాణాలు విడిచిన విక్టరీ నౌకపైననే.

ఆ నాటికి నౌకలు కొయ్యతో చేసినవి, తెరచాపలతో నడిచేవి. ఫిషర్ ఉద్యోగజీవితం సాగినకొద్దీ కొయ్య పోయి ఇనుము వచ్చింది, ఇనుము పోయి ఉక్కు వచ్చింది, గాలి స్థానాన్ని ఆవిరి ఆక్రమించింది. ఈ మార్పును చూసి పాత అధికారులు ముఖం చిట్లించుకొన్నారు. ఫిషర్ మాత్రం దానిని ఆహ్వానించాడు. 1863లో ఇనుప నౌక వారియర్‌లో ఫిరంగుల అధికారిగా పనిచేశాడు. తరువాత నౌకాదళపు ఫిరంగి విద్యాలయంలో బోధకుడై, టార్పెడో అనే కొత్త ఆయుధాన్ని శ్రద్ధగా అధ్యయనం చేశాడు.

1881లో ఆయన ఇన్‌ఫ్లెక్సిబుల్ అనే మహానౌకకు కెప్టెన్ అయ్యాడు. ఆ నౌక నిర్మాణంలోనే మన కథకు కావలసిన మొదటి పాఠం ఉన్నది. దాని కవచం కొన్నిచోట్ల 24 అంగుళాల మందం. అంతటి కవచాన్ని నౌక పొడవునా తొడిగితే అది తేలడమే కష్టం. అందుచేత నడిమి భాగానికి మాత్రమే కవచం తొడిగి, ముందు వెనుక భాగాలను కవచం లేకుండానే వదిలివేశారు. వేగం గంటకు 15 నాటికల్ మైళ్ళకు లోపే. 1882 జూలైలో ఈ నౌకతోనే ఫిషర్ అలెగ్జాండ్రియా నగరంపై జరిగిన ఫిరంగి దాడిలో పాల్గొన్నాడు. బ్రిటిష్ వారికి అది విజయం. ఈజిప్టు ప్రజలకు అది పరాయి పాలనకు నాంది. ఆయన ప్రజ్ఞ అంతా ఒక సామ్రాజ్యపు సేవలోనే వినియోగపడినదన్న సంగతిని మనం మరువరాదు.

ఇక్కడ ఒక సాంకేతిక విషయాన్ని సులభంగా చెప్పుకొందాము. తేలే వస్తువు తన బరువుకు సమానమైన నీటిని తొలగిస్తుందని మనం పాఠశాలలోనే చదువుకొన్నాము. నౌక పరిమాణం నిర్ణయమైతే దాని బరువు కూడా నిర్ణయమైనట్లే. ఆ బరువునే ఫిరంగులు, కవచం, యంత్రాలు పంచుకోవాలి. ఫిరంగులు పెంచితే కవచమైనా తగ్గాలి, వేగమైనా తగ్గాలి. మూడూ కావాలంటే నౌక పెరగాలి. నౌక పెరిగితే ఖర్చు పెరుగుతుంది, రేవులు లోతు కావాలి, మరమ్మతు గోదీలు వెడల్పు కావాలి. వేగం మరీ పొగరుబోతు. కొద్ది మైళ్ళు అధికంగా కావాలన్నా యంత్రశక్తిని ఎన్నో రెట్లు పోయవలసి వస్తుంది. నౌకానిర్మాత పని ఒక విధంగా పెద్ద కుటుంబాన్ని కొద్ది జీతంతో నడిపే గృహస్థు పని వంటిది.

1899 నుండి 1902 వరకు ఫిషర్ మధ్యధరా నౌకాదళానికి అధిపతిగా ఉన్నాడు. టార్పెడోల పరిధి పెరుగుతున్నందున యుద్ధం ఇక దూరం నుండే జరుగుతుందని ఆయన గ్రహించి, దూరపు గురిలో నావికులకు శిక్షణ ఇప్పించాడు. అప్పటి యుద్ధనౌకలలో నాలుగు 12 అంగుళాల ఫిరంగులతోపాటు చిన్నవీ మధ్యరకానివీ అనేకం ఉండేవి. గుండు నీటిలో పడినచోట లేచే నీటిస్తంభాన్ని చూసి గురిని సవరించుకోవాలి. రకరకాల గుండ్లు ఒకేసారి పడితే ఏ స్తంభం ఏ ఫిరంగిదో తెలియక గురి తప్పేది. కనుక పెద్ద ఫిరంగులన్నీ ఒకే పరిమాణంలో ఉండాలన్న ఆలోచన పలు దేశాలలో పొటమరించింది. ఇటలీ నిర్మాత కునిబెర్టి 1903లోనే దీనిని వ్యాసరూపంలో ప్రకటించాడు. అమెరికా, జపానులు కూడా ఆ దారినే ఆలోచిస్తున్నవి.

1904 అక్టోబరు 21న, నెల్సన్ విజయదినాన, ఫిషర్ నౌకాదళంలో అత్యున్నత పదవియైన ఫస్ట్ సీ లార్డ్ బాధ్యతలను స్వీకరించాడు. వెంటనే ఒక నిర్మాణసంఘాన్ని ఏర్పాటు చేశాడు. ప్రధాన నిర్మాత ఫిలిప్ వాట్స్, శాస్త్రజ్ఞుడు లార్డ్ కెల్విన్, మైనపు నమూనాలను నీటితొట్టిలో లాగి నౌకల గమనాన్ని పరీక్షించే ఫ్రూడ్ అందులో సభ్యులు. 1905 జనవరి 3న ఆ సంఘం మొదటిసారి సమావేశమైంది. ఆ మే నెలలోనే సుషిమా జలసంధిలో జపాను నౌకాదళం రష్యా నౌకాదళాన్ని తుడిచిపెట్టి, ఆసియావాసులందరి దృష్టినీ సముద్రంవైపు తిప్పింది.

డ్రెడ్‌నాట్‌కు 1905 అక్టోబరు 2న పోర్ట్స్‌మత్‌లో పునాది పడింది. 1906 ఫిబ్రవరి 10న ఏడవ ఎడ్వర్డ్ రాజు దానిని నీటిలోకి వదిలాడు. అక్టోబరు 3న అది పరీక్షలకై బయలుదేరింది. మరొక తరగతి నౌకలకై తయారైన ఫిరంగులను, ఫిరంగి గోపురాలను దీనికి మళ్ళించినందువల్లనే ఇంత త్వరగా పని ముగిసింది. సుమారు 18,000 టన్నుల బరువు, 527 అడుగుల పొడవు, పది 12 అంగుళాల ఫిరంగులు, 11 అంగుళాల కవచం, 21 నాట్ల వేగం దాని లక్షణాలు. ఒక్కొక్క గుండు బరువు 850 పౌండ్లు. పాత పిస్టన్ యంత్రాలకు బదులు పార్సన్స్ ఆవిరి టర్బైన్లను అమర్చడం పెద్ద సాహసం. అంత పెద్ద యుద్ధనౌకకు టర్బైన్లు పెట్టడం అదే మొదటిసారి. వాటివల్ల బరువు తగ్గింది, అదురు తగ్గింది. కాని మెల్లగా పోయేటపుడు బొగ్గు అధికంగా ఖర్చయ్యేది.

ఇంతటి నౌకలో లోపాలు లేవా? ఉన్నవి. పదింటిలో ఎనిమిది ఫిరంగులు మాత్రమే ఒక ప్రక్కకు కాల్చగలవు. ఒక గోపురం వెనుక మరొకటి ఎత్తుగా పెడితే పేలుడు వేడిమి క్రింది గోపురంలోని వారిని బాధిస్తుందన్న శంకతో రెండు గోపురాలను చెరొక ప్రక్కకు జరిపారు. అమెరికా వారు గోపురాలను ఎత్తుపల్లాలుగా అమర్చి, ఎనిమిది ఫిరంగులతోనే అదే ఫలితం సాధించారు. గురి చూసేవారి స్తంభాన్ని ముందరి పొగగొట్టానికి వెనుక నిలిపినందున పొగ, వేడి వారి కళ్ళలో కొట్టేవి. బొగ్గు, సరంజామా పూర్తిగా నింపితే కవచంలో మందమైన భాగం నీటిలోకి దిగిపోయేది. మధ్యరకం ఫిరంగులు లేనందున చిన్న టార్పెడో పడవలను ఎదుర్కొనే బలం తగ్గింది. తరువాతి నౌకలలో వాటిని మళ్ళీ పెట్టవలసి వచ్చింది. అయినను డ్రెడ్‌నాట్ మొత్తంమీద సమతూకం తప్పని నౌక అని చెప్పవచ్చును.

ఫిషర్ మనసు మాత్రం మరొక నౌకపై ఉన్నది. వేగమే అసలైన రక్షణ అని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకమే ఇన్‌విన్సిబుల్ రూపం ధరించి 1908లో పూర్తయింది. బరువులో అది డ్రెడ్‌నాట్‌కు కొద్దిగా మాత్రమే తక్కువ. కాని వేగం 21 నుండి 25 నాట్లకు పెరిగింది. ఆ నాలుగు నాట్ల కోసం యంత్రశక్తి 23,000 అశ్వశక్తి నుండి 41,000కు, బాయిలర్లు 18 నుండి 31కి పెరిగినవి. వెల ఎవరు చెల్లించారు? ఫిరంగులు పది నుండి ఎనిమిదికి తగ్గినవి. కవచం 11 అంగుళాల నుండి 6 అంగుళాలకు దిగింది. తనకంటె చిన్నవాటిని తరిమి పట్టడానికి, పెద్దవాటి నుండి తప్పించుకోవడానికి ఈ నౌక సరిపోతుంది. కాని పెద్ద ఫిరంగులు ఉన్న నౌకను పెద్ద నౌకలతో సమానంగా నిలబెట్టాలన్న ఆశ సేనాధిపతులకు కలుగక మానదు. ప్రమాదం అక్కడనే పొంచి ఉన్నది.

మరొక త్రాసు దేశాల నడుమ ఊగుతున్నది. డ్రెడ్‌నాట్ రాకతో బ్రిటన్ తన పాత నౌకల ఆధిక్యాన్ని కూడా తానే తగ్గించుకొన్నది. జర్మనీ కొత్త పందెంలో దిగి, తన నౌకలు పట్టేటట్లు కీల్ కాలువను వెడల్పు చేసింది. 1909లో బ్రిటన్ ఒక్కసారిగా ఎనిమిది మహానౌకల నిర్మాణానికి పూనుకొన్నది. పేదల వృద్ధాప్య పింఛనులకూ నౌకలకూ ఒకే ఖజానా నుండి డబ్బు కావలసి వచ్చింది. అడ్మిరల్ బెరెస్‌ఫర్డ్‌తో వైరం ముదిరి, 1910 జనవరిలో ఫిషర్ ప్రభువు బిరుదుతో పదవిని వీడాడు. 1912లో ఇంధన విచారణ సంఘానికి అధ్యక్షుడై, బొగ్గుకు బదులు చమురు వాడకాన్ని బలపరచాడు. చమురుతో వేగం పెరిగింది. కాని బ్రిటన్ నేలలో దొరికే బొగ్గును వదలి పర్షియా చమురుపై ఆధారపడవలసి వచ్చింది. అదీ ఒక బేరమే.

1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఆ సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎండెన్ మద్రాసుపై గుండ్లు కురిపించి చమురు తొట్టెలను తగులబెట్టింది. మన ఆంధ్ర జిల్లాలు నాడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. ఆ ఎండెన్ అడ్మిరల్ ఫాన్ స్పీ దళం నుండి విడివడి వచ్చినదే. స్పీ నవంబరు 1న చిలీ తీరంలో రెండు బ్రిటిష్ నౌకలను ముంచాడు. అప్పటికి రెండు రోజుల క్రితమే, డెబ్బది మూడేళ్ళ ఫిషర్ తిరిగి పదవిలోకి వచ్చాడు. ఆయన ఇన్‌విన్సిబుల్‌ను, అదే తరగతికి చెందిన కొత్త ఇన్‌ఫ్లెక్సిబుల్‌ను నవంబరు 11న దక్షిణానికి పంపాడు. డిసెంబరు 8న ఫాక్లండ్ దీవుల వద్ద అవి స్పీ నౌకలను తరిమి, దూరం నుండే ముంచివేసినవి. స్పీ, ఆయన ఇద్దరు కుమారులు, రెండు వేలకు పైగా నావికులు సముద్రం పాలయ్యారు. ఫిషర్ త్రాసు ఆ దినాన సరిగానే తూగింది.

తరువాతి సంవత్సరం తుర్కీ జలసంధియైన దార్దనెల్స్ వ్యవహారం వచ్చింది. తుర్కులు ప్రజల చందాలతో కూడా ధనం పోగుచేసి బ్రిటన్‌లో కట్టించుకొన్న రెండు మహానౌకలను, ఫిషర్ తిరిగి రాకముందే, 1914 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం స్వాధీనం చేసుకొన్నది. ఆ గాయం తుర్కుల మనసులో పచ్చిగా ఉన్నది. 1915 మార్చి 18న జలసంధిలో మందుపాతరలు తగిలి మూడు యుద్ధనౌకలు మునిగినవి. ఫిషర్ ఈ దండయాత్రకు మొదట అర్ధాంగీకారం తెలిపి, తరువాత వ్యతిరేకించి, మే 15న రాజీనామా చేశాడు. యుద్ధకాలంలో బాధ్యతను అర్ధాంతరంగా విడిచాడన్న నింద ఆయనకు మిగిలింది.

1916 మే 31న జట్లాండ్ యుద్ధం జరిగింది. భయపడినదే జరిగింది. వేగనౌకలను మహానౌకలతో సమానంగా వరుసలో నిలిపారు. ఇన్‌డిఫాటిగబుల్, క్వీన్ మేరీ, ఇన్‌విన్సిబుల్ మూడూ పేలిపోయినవి. సుమారు 3,300 మంది నావికులు మరణించారు. ఇన్‌విన్సిబుల్‌లో వేయి మందికి పైగా పోగా, ఆరుగురు మిగిలారు. ఇన్‌డిఫాటిగబుల్‌ను ముంచిన జర్మన్ నౌక ఫాన్ డెర్ టాన్‌కు ఫిరంగులు కొంచెం చిన్నవి, 11 అంగుళాలవి. కవచం మాత్రం 10 అంగుళాలు. అది గుండుదెబ్బలు తిని కూడా ఇల్లు చేరింది.

తప్పంతా కవచానిదే అనడం న్యాయం కాదు. త్వరగా కాల్చాలన్న ఆతురతలో మందుగుండు గదుల తలుపులు తెరచి ఉంచడం, మందుసంచులను బయట పేర్చడం పేలుళ్ళకు ప్రధాన కారణమని పరిశోధకులు తేల్చారు. 1915 జనవరిలో తమ నౌక సైడ్లిట్స్‌లో మంట చెలరేగిన తరువాత జర్మన్లు ఆ పద్ధతిని సవరించుకొన్నారు. బ్రిటిష్ వారు ఆ పాఠాన్ని జట్లాండ్‌లో నేర్చుకొన్నారు. నౌకలో వేగానికి కవచాన్ని బలిపెట్టిన ఆలోచనే, ఫిరంగి వద్ద వేగానికి జాగ్రత్తను బలిపెట్టింది.

ఫిషర్ చివరి సంవత్సరాలలో రూథర్‌ఫర్డ్, థాంసన్ వంటి శాస్త్రజ్ఞులున్న పరిశోధనా మండలికి అధ్యక్షుడుగా ఉండి, 1920 జూలై 10న కన్నుమూశాడు. డ్రెడ్‌నాట్ మరుసటి సంవత్సరమే పాత ఇనుముగా అమ్ముడుపోయింది. యుద్ధం మొత్తంమీద అది ముంచినది ఒక్క జలాంతర్గామిని మాత్రమే. అదీ ఫిరంగితో కాదు, ముక్కుతో ఢీకొని. 1922లో వాషింగ్టన్ ఒప్పందం యుద్ధనౌకల బరువుకు 35,000 టన్నుల హద్దు పెట్టి ఆ పందేన్ని నిలిపింది.

సింహళపు కొండల నుండి దిక్కులేని బాలునిగా వచ్చి, స్వశక్తితో ఒక నౌకాదళాన్ని నిద్రలేపిన ఫిషర్ పట్టుదలను మేము మెచ్చుకొంటాము. నౌకకు ఏది ఎంత ఉండాలో నిర్ణయించిన వారు లండనులో బల్లల ముందు కూర్చొన్నవారు. ఆ లెక్కలో తగ్గించిన అయిదు అంగుళాల ఉక్కుకు బదులుగా నిలబడినవారు, ఆ లెక్కను ఎన్నడూ చూడని సామాన్య నావికులు. మా తోటి విద్యార్థులలో రేపు ఇంజనీర్లు, అధికారులు కాబోయేవారు ఎందరో ఉన్నారు. వంతెనకైనా, ఆనకట్టకైనా, ఆసుపత్రికైనా వారి చేతిలోనూ ఒక త్రాసు ఉంటుంది. ఏది తగ్గించాలో నిర్ణయించే వేళ, ఆ తగ్గింపు ఎవరి మీద పడుతుందో ఒక్కసారి తలచుకోవాలని మా మనవి.