మాడపాటి హనుమంతరావు పంతులుగారి సంఘనిర్వహణము

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున, సంచికకై యొక మహనీయుని జీవితమును వ్రాయవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను గాను. ఊరిలో లెక్కలు వ్రాసి బ్రతుకువాడను. భారత భాగవతములను రాత్రివేళ నా యంతట నేను కూడబలుకుకొని చదివినవాడను. అందుచేత కవిచక్రవర్తుల జోలికి బోక, చిట్టా ఆవర్జాల విలువ తెలిసినవాడు మెచ్చుకొనదగిన యొక నాయకుని ఎన్నుకొంటిని. వారే ఆంధ్రపితామహులని మన పెద్దలు పిలుచుకొన్న మాడపాటి హనుమంతరావు పంతులుగారు.

పంతులుగారు 1885వ సంవత్సరము జనవరి 22వ తేదీన కృష్ణాజిల్లా నందిగామ తాలూకా పొక్కునూరు గ్రామమున జన్మించిరి. చిన్ననాటనే తండ్రి గతించుటచే మేనమామల యండన నిజాము రాష్ట్రమునకు వచ్చి, సూర్యాపేటలోను హనుమకొండలోను విద్యాభ్యాసము చేసిరి. ఉర్దూ, పారసీకము, సంస్కృతము, ఆంగ్లము, తెలుగు వారికి వశమైనవి. హనుమకొండలో చిన్న యుద్యోగము చేయుచుండగా, 1904లో అచ్చట వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయముతో వారికి సంబంధము కలిగెను. పిమ్మట హైదరాబాదు చేరి, కొంతకాలము ప్రభుత్వమున అనువాదకులుగా నుండి, ఆ కొలువు వదలి వకీలు వృత్తి నవలంబించిరి. ప్రేంచందుగారి కథలను తెలుగు చేసిరి. తామును కథలు వ్రాసిరి. సారస్వతమున వారి స్థానమును విమర్శకులు నిర్ణయింతురు గాక. నాకు ముఖ్యమైనది వేరొకటి కలదు.

ఆ కాలమునాటి స్థితిని నేటి పిల్లలు ఊహింపజాలరు. నిజాము రాష్ట్ర ప్రజలలో ఇంచుమించు సగముమంది తెలుగువారు. అయినను కచేరీలో ఉర్దూ, పాఠశాలలో ఉర్దూ, 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమునను ఉర్దూయే బోధనభాష. తెలుగు చదువవలెనన్న వీథిబడియో, ఇంటిలోని తాతగారో దిక్కు. 1901లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజాగారగు నాయని వెంకటరంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు కలసి హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించుటయే యొక సాహసము. రావిచెట్టువారి యింటనే ఆ నిలయము మొదలయ్యెను. రంగారావుగారు గతించిన పిదప వారి యర్ధాంగి లక్ష్మీనరసమ్మగారు దాని గృహమునకై ధనసహాయము చేసిరి. ఇట్టి దాతలు లేకున్న మన భాషకు నిలువనీడ లేకుండెడిది. అయితే దాత యొక్కరే ఎంతకాలము మోయగలరు? ఈ ప్రశ్నకు బదులు చెప్పినవారు పంతులుగారు.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలయందు నిజాము రాష్ట్ర సంఘసంస్కార సభ జరిగెను. మహర్షి కార్వేగారు అధ్యక్షులు. ఆంగ్లమున మాటలాడిరి, ఉర్దూలో మాటలాడిరి, మహారాష్ట్ర భాషలో మాటలాడిరి, సభవారు వినిరి. ఆలంపల్లి వేంకటరామారావుగారు లేచి తెలుగున నాలుగు మాటలు చెప్పబోగా మాత్రము కేకలు వేసి, చప్పట్లు చరచి అవహేళన చేసిరి. ఆ సభలోని తెలుగువారికి తల కొట్టివేసినట్లయ్యెను. ఆ రాత్రియే టేకుమాల రంగారావుగారి యింట పదిపండ్రెండుగురు కూడి ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి.

ఇంతవరకు జరిగినది కోపము చేసిన పని. కోపమున పుట్టిన సంఘములు మన యూళ్లలోను అనేకము కలవు; దసరాకు పుట్టి సంక్రాంతికి మడియును. దీనిని బ్రతికించినది పంతులుగారి పద్ధతి. బారిష్టరు రాజగోపాలరెడ్డిగారు అధ్యక్షులుగాను, పంతులుగారు కార్యదర్శిగాను పని ప్రారంభించిరి. ముందుగా ప్రతీకారసభలు జరుపలేదు, ఊరేగింపులు తీయలేదు. నెలలకొలది ఆలోచించి, 1922లో నియమావళిని సిద్ధపరచిరి. సంఘము ఏమి చేయునో, ఎవరు సభ్యులు కావచ్చునో, ఎవరేమి చెల్లింపవలెనో, ఏ పని ఎవరి పూచీయో కాగితముమీదికి వచ్చెను. గ్రంథాలయములు, పఠనమందిరములు, పాఠశాలలు స్థాపించుట, విద్యార్థులకు సాయపడుట, పండితులను గౌరవించుట, తాళపత్రములను, శాసనములను వెదకి తీయుట, కరపత్రములను ప్రకటించుట, ఇవి వారు ఏర్పరచుకొన్న కార్యములు. రాజకీయమను మాటయే అందు లేదు. అది భయమా, దూరదృష్టియా యని ఆనాడే వాదములు చెలరేగినవి. నా మట్టుకు నాకు రెండును కొంత కొంత కలవనియే తోచును. పునాది యెండకమునుపే గోడ యెత్తినవాని యిల్లు తొలివానకే కూలుటను నేను కన్నులార చూచితిని.

పై జాబితాలో నొక గడుసుదనము కలదు. ఒక్కొక్క కార్యము ఒక్కొక్క రకపు మనిషికి పని కల్పించుచున్నది. ధనము కలవాడు విద్యార్థికి సాయపడును. చదువుకొన్నవాడు కరపత్రము వ్రాయును. ఏమియు లేని పల్లెటూరివాడు తన యూరి గుడిముందరి శాసనపు రాతిని చూపించును. చందా కట్టి యింట కూర్చుండువాడు సగము సభ్యుడే యని పంతులుగారికి తెలియును. ఆదిరాజు వీరభద్రరావుగారి వంటి పరిశోధకులు ఈ విధముగనే సంఘమున కుదురుకొనిరి. 1923లో కొమఱ్ఱాజువారు స్వర్గస్థులుకాగా, వారి పేర లక్ష్మణరాయ పరిశోధకమండలి వెలసెను. తెలంగాణా శాసనములు గ్రంథరూపమున వెలువడుటకు అదియే మూలము.

ఇక వర్తకుల సంగతి. పల్లెలలో చిల్లర యధికారులు కోమటి దుకాణమునుండి సరకులు తమకు తోచిన ధరకు, ఒక్కొక్కప్పుడు ధరయే లేక, తీసికొనిపోవుచుండిరి. చాకలి, కుమ్మరి, మాదిగ మొదలగువారిచేత వెట్టి చేయించుట సరేసరి. వీనిని నిషేధించు ఫర్మానాలును గస్తీలును ప్రభుత్వపు దస్త్రములలోనే కలవు. కాని అవి ఉర్దూలో నుండుటచే పల్లెవారికి తెలియవు. పంతులుగారు చట్టము నెరిగిన వకీలు. వర్తకస్వాతంత్ర్యమును గూర్చియు వెట్టిచాకిరిని గూర్చియు సంఘము తెలుగున చిన్న పుస్తకములు ప్రకటించెను. క్రొత్తగా నేదియు కోరనక్కరలేదు, ఉన్న హక్కును చదివి చెప్పినచో చాలును. తన దుకాణము నిలుచుటకు తోడ్పడిన సంఘమునకు వర్తకుడు చందా యిచ్చుటలో వింత యేమున్నది? దానధర్మముల లెక్కలు వ్రాసినవాడనుగావున చెప్పుచున్నాను, జాలిచే ఇచ్చిన రూపాయి ఒకసారి వచ్చును, తనదను భావముచే ఇచ్చిన రూపాయి ప్రతి సంవత్సరము వచ్చును.

మన గ్రంథాలయమునను తొలినాళ్లలో ఇట్టి యనుభవమే కలిగినది. ఒక పెద్దమనిషి బీరువాలు, దినపత్రికల ఖర్చు, దీపపు ఖర్చు సమస్తము తానే భరించెను. మేము సంతోషించి చందాలు వసూలు చేయుట మానివేసితిమి. మూడవ యేట ఆయన పట్టణము వెళ్లిపోగా, నిలువ సున్న. ఆరు నెలలు తలుపు తీయలేదు. తప్పు ఆయనది కాదు, వసూలు మానిన మాది. ఆ చిట్టా వ్రాసినది నేనే. పిదప ఇంటింటికి తిరిగి నెలకు పది రూపాయల చొప్పున సభ్యులను చేర్చుటకు రెండేండ్లు పట్టినది.

పంతులుగారు ఇట్టి పొరపాటు చేయలేదు. హైదరాబాదు సంఘమును చూచి ఇతర పట్టణములలోను ఆంధ్రసంఘములు పుట్టగా, ఒకదానితో నొకటి పోటీపడక కలసియుండుటకై 1923లో ఆంధ్ర జనకేంద్ర సంఘ మేర్పడెను. దాని మొదటి సమావేశము హైదరాబాదున గాక హనుమకొండలో జరిగెను. పిదప నల్లగొండ, మధిర, సూర్యాపేట. ప్రతిమారు క్రొత్త యూరు. ఆ యూరివారే ఆహ్వానసంఘముగా నేర్పడి బియ్యము, పందిరి, బండ్లు సమకూర్చవలెను. సభ ముగిసి నాయకులు రైలెక్కిన పిదప కూడ ఆ యూర పనిచేయు జట్టొకటి మిగులును. కొన్నిచోట్ల గ్రంథాలయము తెరచుటకు సైతము ప్రభుత్వపు టనుమతి యుండవలెనని అధికారులు అడ్డు తగిలిరి. పంతులుగారు వాదమునకు దిగక, అట్టి శాసన మేదియో చూపుడని అర్జీలమీద అర్జీలు పెట్టిరి. ఓపికయే వారి ఖడ్గము.

వారు చేసిన పనులలో నాకు మిక్కిలి ఘనముగా తోచునది 1928లో హైదరాబాదున ఆంధ్ర బాలికా పాఠశాలను నెలకొల్పుట. నారాయణగూడలో నేటికిని వారి పేర నడచుచున్న విద్యాలయమిదియే. తెలుగున చదువు చెప్పు బడికి ప్రభుత్వము గుర్తింపు నీయదు. గుర్తింపు లేనిదే పరీక్ష లేదు. పరీక్ష లేనిదే తలిదండ్రులు పిల్లల పంపరు. ఇరుకున పడిన పంతులుగారు పూనాలోని మహిళా విశ్వవిద్యాలయము నాశ్రయించి, అచ్చటి పరీక్షలకు తమ బాలికలను పంపు నేర్పాటు చేసిరి. ఆ విశ్వవిద్యాలయమును స్థాపించిన దెవరు? ఏ సభలో తెలుగు మాటకు చప్పట్లు చరచిరో, ఆ సభకు అధ్యక్షత వహించిన కార్వేగారే! పంతులుగారు అవమానమును మూటగట్టుకొని కూర్చుండు స్వభావమువారైనచో ఆ తలుపు తట్టియుండరు. బడి ఖర్చులకై వారు ఏండ్లతరబడి ఇల్లిల్లు తిరిగిరి. రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తమ యాస్తిని దానికే ధారపోసిరి. హనుమంతరావుగారికి అంత యాస్తి లేదు. వారు ధారపోసినది తమ కాలమును, కాళ్ల సత్తువను.

1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన సంఘము ఆంధ్ర మహాసభగా మారెను. తరువాత దేవరకొండ, ఖమ్మము. నాల్గవ సభ 1935లో మన సిరిసిల్లలో జరిగెను, అధ్యక్షులు పంతులుగారే. అంతవరకు తెరవెనుక కార్యదర్శిగా పనిచేసినవారు పదునాలుగేండ్లకు గాని ఆ పీఠమెక్కలేదని గమనింపుడు. దానితోపాటు జరిగిన మహిళాసభకు వారి యర్ధాంగి మాణిక్యమ్మగారు అధ్యక్షత వహించిరి. ఆ రోజులలో సభ జరుపవలెనన్న 53వ నెంబరు గస్తీ ప్రకారము ముందుగా అనుమతి పొందవలెను. అట్టి నిర్బంధములో, మానేటి యొడ్డున మగ్గముల చప్పుడు నడుమ నున్న ఆ యూరు నిజాము రాష్ట్రపు నలుమూలలనుండి వచ్చిన ప్రతినిధులకు ఆతిథ్య మొసగెను. కోరుట్లనుండి గాని జగిత్యాలనుండి గాని వేములవాడ మీదుగా సిరిసిల్లకు పోవునప్పుడెల్ల నాకు ఈ సభయే తలపునకు వచ్చును.

అయితే వారి పద్ధతికి హద్దులు లేకపోలేదు. అర్జీలకును ఓపికకును లొంగని బాధలు పల్లెలలో కలవు. దొర గడీముందు నిలువబడిన రైతునకు నియమావళి యేమి చేయును? రానురాను యువకులు తొందరపడిరి. రావి నారాయణరెడ్డిగారి వంటివారు కూలిరైతులను వేలకొలది సభ్యులుగా చేర్చిరి. 1944లో భువనగిరి సభ నాటికి సంస్థ వామపక్షీయుల చేతికి వచ్చి, మితవాదులు వేరుపడిరి. పంతులుగారు కట్టిన ఇంటిలోనికి వారు పిలువని జనులు వచ్చి నిండిరి. ఇది వారి యోటమి యని కొందరందురు. చదువుకొన్నవారును, భూములు కలవారును, వర్తకులును మాత్రమే ఆ సంఘమున మొదట చోటు పొందిరను మాట నిజము; వెట్టిని గూర్చి పుస్తకము వ్రాసిరిగాని వెట్టివానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుటకు చాల యాలస్యమైనది. ఈ లోటును దాచుట పంతులుగారికి గౌరవము కాదు. కాని తరువాత వచ్చినవారు వాడుకొన్నది వారు వేసిన శాఖలనే, వారు నేర్పిన సభాపద్ధతినే.

పోలీసుచర్య జరిగి రాజ్యము మారిన పిదప, 1951లో వారు హైదరాబాదు నగరమునకు మేయరైరి. 1955లో భారతప్రభుత్వము పద్మభూషణ బిరుద మొసగెను. 1958లో ఆంధ్రప్రదేశ శాసనమండలి ఏర్పడగా, 1964 వరకు దానికి అధ్యక్షులుగా నుండిరి. పదవుల ప్రస్తావన ఇంతతో చాలును. 1970 నవంబరు 11వ తేదీన, ఎనుబదియైదేండ్లు నిండినవారై, దివంగతులైరి.

వారు వ్రాసిన తెలంగాణా ఆంధ్రోద్యమము రెండు భాగములు మన గ్రంథాలయమున కలవు. కథలు చక్కగా చెప్పనేర్చిన ఆ కలము అందు కథ చెప్పలేదు. ఏ సభ ఎచ్చట జరిగెను, ఏ తీర్మానమును చేసిరి, ఏ అర్జీకి ఏ జవాబు వచ్చెను అని వరుసగా వ్రాసిపెట్టెను. తమ పాత్రను చెప్పవలసి వచ్చినచోట రెండు ముక్కలలో ముగించిరి. చదువుటకు కొంత విసుగు పుట్టించు పుస్తకమే యని ఒప్పుకొందును. రెండవ భాగపు అట్ట యూడియున్నది. రజతోత్సవ నిధినుండి దానికి క్రొత్త అట్ట వేయించుటకు ఖర్చు మంజూరు చేయుమని కార్యవర్గమువారిని కోరియున్నాను.