బంగాళాదుంపల రైతు.. తుపాకులకు పరీక్ష పెట్టారు!

డిగ్రీ ఒకటి, చేసే పని ఇంకోటి. మన దగ్గర ఇది మామూలే. నాలుగేళ్లు చదివిన చదువు పక్కకు పోయి, ఎప్పుడో సరదాకి నేర్చుకున్న పనే అన్నం పెడుతుంటుంది. అలా ముప్పై దాటాక దారి మార్చుకుని, ఆ రంగంలో వాళ్లందరికీ గురువైన మనిషి పార్కర్ ఒటో ఆక్లీ. తుపాకుల ప్రపంచంలో పీవో ఆక్లీ అంటే తెలియనివాళ్లు ఉండరు. ఆయన్ను గుర్తు చేసుకోవడానికి మంచి కారణం ఒక పాత జపాన్ రైఫిల్. అందరూ తుక్కు అని తీసిపారేసిన దాన్ని ఆయన ఊరికే నమ్మలేదు, ఊరికే కొట్టిపారేయలేదు. పరీక్ష పెట్టి చూశారు.

పొలం నుంచి లేత్ మిషన్ దాకా

ఆక్లీ 1903లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం గ్రాన్‌విల్‌లో పుట్టారు. సిరక్యూజ్ యూనివర్సిటీలో డిగ్రీ చేశారు. చదువయ్యాక ఉద్యోగాల వెంట పడకుండా బంగాళాదుంపల సాగుకు దిగారు. కానీ 1929లో మహా ఆర్థిక మాంద్యం మొదలైంది. పంట పండినా ధర లేదు. పట్టా చేతిలో ఉన్నా దాంతో పని లేదు.

అప్పటికే ఆయనకు తుపాకులు బాగుచేసే అలవాటు ఉంది. సరదాగా మొదలైన పని అది. 1936లో ధైర్యం చేశారు. సొంత రాష్ట్రం వదిలేసి దేశానికి ఆ చివరున్న ఓరెగాన్ రాష్ట్రంలోని రోజ్‌బర్గ్‌లో ఒక తుపాకుల మరమ్మతు దుకాణం కొన్నారు. అప్పుడాయన వయసు 33. దుకాణం కొంటే పని వచ్చేసినట్టు కాదు కదా! రైఫిల్‌లో అన్నిటికన్నా కష్టమైన భాగం బ్యారెల్. ఉక్కు కడ్డీకి నిలువునా రంధ్రం చేసి, లోపల మెలికలు తిరిగే గాడులు తీయాలి. ఆ పని తెలిసినవాళ్ల దగ్గర కూర్చుని మొదటి నుంచి నేర్చుకున్నారు. డిగ్రీ చేసినవాణ్ని, ఈ వయసులో శిష్యరికమేంటి అనుకోలేదు.

రెండో ప్రపంచ యుద్ధం రావడంతో యూటాలోని ఆగ్డెన్ ఆయుధాగారంలో పనిచేశారు. అక్కడ చేతికి వచ్చే ఆయుధాలకు లెక్కే లేదు. యుద్ధం ముగిశాక కొలరాడోలోని ట్రినిడాడ్‌లో సొంత వర్క్‌షాపు పెట్టారు. అదే ఊళ్లోని జూనియర్ కాలేజీలో గన్‌స్మిత్ కోర్సు పాఠాలు చెప్పారు. యుద్ధం నుంచి తిరిగొచ్చి బతుకుతెరువు వెతుక్కుంటున్న కుర్రాళ్లకు చేతిపని నేర్పించే రోజులవి. ఆ తర్వాత సాల్ట్ లేక్ సిటీకి మారి అక్కడే స్థిరపడ్డారు.

పేరులో తుక్కు.. లోపల ఉక్కు

యుద్ధం నుంచి ఇంటికొచ్చిన అమెరికా సైనికులు గుర్తుగా జపాన్ రైఫిళ్లు తెచ్చుకున్నారు. వాటికి అరిసాకా అని పేరు. 1905లో వచ్చిన టైప్ 38 రైఫిల్ 6.5 మిల్లీమీటర్లది. 1939లో వచ్చిన టైప్ 99 రైఫిల్ 7.7 మిల్లీమీటర్లది. ఓడిపోయిన దేశం తుపాకీ కాబట్టి నాసిరకం ఉక్కు అయ్యుంటుందని చాలామంది తేల్చేశారు. యుద్ధం చివర్లో జపాన్‌లో హడావుడిగా తయారైన రైఫిళ్ల మీద ఆకురాయి గీతలు కూడా అలాగే కనిపించేవి. చూపుకి మొరటుగా ఉండటంతో ఆ పుకారుకి బలం వచ్చింది.

ఆక్లీ ఏం చేశారంటే.. రకరకాల దేశాల సైనిక రైఫిళ్లను తీసుకుని, తూటాలో మందు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ అవి పాడయ్యేదాకా పేల్చి చూశారు. జర్మనీ మౌజర్, అమెరికా స్ప్రింగ్‌ఫీల్డ్, ఎన్‌ఫీల్డ్ లాంటి పేరున్నవాటి పక్కన అరిసాకానూ పెట్టారు. మిగతావి ఒక్కొక్కటే చేతులెత్తేశాయి. అందరూ ఎగతాళి చేసిన 6.5 అరిసాకా అన్నిటికన్నా ఎక్కువ ఒత్తిడి తట్టుకుంది. తూటా పేలేటప్పుడు వెనక్కి తన్నే బలాన్ని ఆపే రిసీవర్, బోల్ట్ అంత గట్టివని తేలింది. ఈ ఫలితాలను 1962లో మొదటి భాగం వచ్చిన తన హ్యాండ్‌బుక్ ద్వారా షూటర్లందరి ముందూ పెట్టారు.

గట్టిది అంటే భద్రమైనదనా?

అసలు పాఠం ఇక్కడుంది. ఆక్లీ పరీక్ష చెప్పింది ఆ డిజైన్ గురించి. మీ చేతిలో ఉన్న ఒక్క రైఫిల్ గురించి కాదు. ఈ తేడా పట్టించుకోనివాళ్లు చిక్కుల్లో పడ్డారు.

ఒక ఉదాహరణ చూడండి. జపాన్‌లో స్కూలు పిల్లల కవాతుల కోసం శిక్షణ రైఫిళ్లు చేసేవాళ్లు. బయటికి అచ్చం అరిసాకాలాగే ఉంటాయి. కానీ రిసీవర్ పోత ఇనుముతోనో, మెత్తటి ఉక్కుతోనో చేసి ఉంటుంది. బ్యారెల్ లోపల గాడులుండవు. ఉత్తుత్తి తూటాల కోసమే అవి. అందులో నిజం తూటా పెడితే పగిలిపోయి, పేల్చినవాడి మొహానికే ప్రమాదం. ప్రపంచంలోకెల్లా గట్టి రైఫిల్ అన్న మాట విని ఇలాంటిది పేల్చితే ఆ మాట కాపాడదు.

ఇంకో సమస్య తూటాలది. యుద్ధం తర్వాత జపాన్ తూటాలు దొరకడం కష్టమైంది. దాంతో కొందరు 7.7 రైఫిల్ చాంబర్‌ని అమెరికా థర్టీ ఆట్ సిక్స్ తూటాకి సరిపడేలా తొలిచేశారు. జపాన్ చాంబర్ అడుగున కాస్త వెడల్పు. కాబట్టి అమెరికా తూటా ఇత్తడి కేసు అక్కడ ఉబ్బిపోతుంది. ఇంకొకాయన ఏకంగా 6.5 రైఫిల్ చాంబర్ మాత్రమే మార్చి, బ్యారెల్‌ని అలాగే వదిలేసిన ఉదంతం షూటర్ల పత్రికలకు ఎక్కింది. అంటే దాదాపు 7.8 మిల్లీమీటర్ల బులెట్ అంతకన్నా ఒక మిల్లీమీటరుకు పైగా సన్నటి దారిలోంచి దూసుకెళ్లింది! రైఫిల్ పగల్లేదు. ఆయనకు భుజం మీద దెబ్బ గట్టిగా తగులుతోందన్న అనుమానం మాత్రమే వచ్చింది. అది రిసీవర్ గొప్పతనం, ఆయన అదృష్టం. మనిషి తెలివి మాత్రం కాదు.

మళ్లీ పేల్చాలంటే వరస ఇదీ

అందుకే ఇలాంటి పాత రైఫిల్ చేతికొస్తే అమెరికాలో అనుభవమున్న గన్‌స్మిత్‌లు ఒక వరస పాటిస్తారు. ముందు అది శిక్షణ రైఫిలా, సైన్యం వాడిందా అని తేలుస్తారు. విడదీసి పగుళ్లు, తుప్పు చూస్తారు. బ్యారెల్‌లో ఏదైనా ఇరుక్కుందేమో చూస్తారు. బోల్ట్ మీది అంకెలు రిసీవర్ అంకెలతో కలుస్తున్నాయా, లేక వేరే రైఫిల్ బోల్ట్ తెచ్చి పెట్టారా అన్నది గమనిస్తారు.

తర్వాత చాంబర్‌లో తక్కువ వేడికి కరిగే లోహం పోసి అచ్చు తీస్తారు. ఎవరైనా చాంబర్ తొలిచారా అన్నది ఆ అచ్చు కొలిస్తే బయటపడుతుంది. బోల్ట్ మూశాక తూటా కదలడానికి ఎంత ఖాళీ ఉందో గేజ్‌లతో చూస్తారు. దీన్నే హెడ్‌స్పేస్ అంటారు. ఒక గేజ్ పెడితే బోల్ట్ మూసుకోవాలి, ఇంకోటి పెడితే మూసుకోకూడదు. ఇవన్నీ పాసైనా మొదటి తూటాని భుజానికి ఆనించి పేల్చరు. రైఫిల్‌ని బరువైన స్టాండుకి కట్టి, అడ్డం వెనక నిలబడి తాడుతో ట్రిగ్గర్ లాగుతారు. తర్వాత ఖాళీ కేసుని పరిశీలిస్తారు. ఉబ్బు, చీలిక, అడుగున మెరిసే గీత కనిపిస్తే అక్కడితో ఆపేస్తారు. ఆ రైఫిల్ ఇక గోడకే.

ఇది ఇంట్లో చేసే ప్రయోగం కాదని వేరే చెప్పక్కర్లేదు. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకోవడమే నేరం.

గురువుగా మిగిలారు

ఆక్లీ పేరు పాత రైఫిళ్లతోనే ఆగలేదు. మార్కెట్లో దొరికే తూటాల కేసుని కాస్త నిటారుగా, భుజం దగ్గర ఏటవాలు ఎక్కువగా ఉండేలా మార్చి, ఎక్కువ మందు పట్టేలా చేశారు. అలా మార్చిన చాంబర్‌లో మామూలు తూటా కూడా పేల్చవచ్చు. అంటే కొన్నవాడు కొత్త తూటా దొరక్కపోయినా ఇబ్బంది పడడు. ఆక్లీ ఇంప్రూవ్‌డ్ పేరుతో ఆ తూటాలు ఇప్పటికీ వాడకంలో ఉన్నాయి. 1989లో ఆయన కన్నుమూశారు.

ఇంజినీరింగ్, డిప్లొమా, ఐటీఐ ఏది చదివినా, రేపు మీరు వెళ్లే చోట ఇలాంటి పనే ఎదురవుతుంది. పాత బాయిలర్, పాత లిఫ్టు, పాత వంతెన, ఎవరో రాసి వదిలేసిన పాత సాఫ్ట్‌వేర్. మంచి కంపెనీదే, ఏం కాదు అని ఒకరంటారు. పాతది, పారేయండి అని ఇంకొకరంటారు. ఇద్దరూ చూడకుండానే చెబుతున్నారు. డిజైన్ ఏంటి, మన ముందున్నది ఏంటి, మధ్యలో దాన్ని ఎవరు మార్చారు.. ఈ మూడూ కొలిచి చెప్పగలిగినవాళ్ల కోసమే పరిశ్రమల్లో క్వాలిటీ, సేఫ్టీ, టెస్టింగ్ విభాగాలున్నాయి. ఇంటర్వ్యూలో తెలియనిది అడిగితే ఊహించి చెప్పకండి. దాన్ని ఎలా పరీక్షించి తెలుసుకుంటారో చెప్పండి. ఆక్లీ బతుకంతా చేసింది అదే.